ప్రభుత్వ పథకం పనిచేసిందో లేదో లెక్క తేల్చడం ఎలా?

జిల్లా సమీక్షా సమావేశాల్లో ఒక స్లైడు తప్పకుండా కనిపిస్తుంది. మంజూరు ఇంత, విడుదల ఇంత, ఖర్చు ఇంత, లబ్ధిదారులు ఇంతమంది. పక్కన ఆకుపచ్చ రంగులో 98 శాతం. అందులో అబద్ధమేమీ ఉండదు. ఖజానా నుంచి డబ్బు బయల్దేరిందని చెబుతుంది, అంతే. చేరాల్సిన ఇంట్లో ఏం మారిందన్నది వేరే లెక్క. అది తేలాలంటే పథకం మొదలుకాక ముందే కొంత పని చేసి పెట్టుకోవాలి. అంతా అయ్యాక స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్లను పిలవడమంటే పెళ్లయ్యాక జాతకాలు చూపించుకోవడమే.

ఎలా చేయాలో చెప్పడానికి మన దగ్గర జరిగిన ఉదాహరణే తీసుకుంటాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీని, సామాజిక పింఛన్లను వేలిముద్రల స్మార్ట్‌కార్డు ద్వారా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, 2010 నుంచి 2012 దాకా ఎనిమిది జిల్లాల్లో దాని ప్రభావాన్ని కొలిచారు. ఆదిలాబాద్, అనంతపురం, కడప, ఖమ్మం, కర్నూలు, నల్గొండ, నెల్లూరు, విజయనగరం. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తాంకర్ అనే ఆర్థికవేత్తలు ప్రభుత్వంతో కలిసి చేసిన పని ఇది. పోల్చి చూసిన మండలాల్లో జనాభాయే సుమారు 1.9 కోట్లు. మీరు చేసేది పది ఊళ్ల పథకమైనా వరస మాత్రం ఇదే.

1. సమస్యను కూలీ మాటల్లో రాయండి

"చెల్లింపుల వ్యవస్థలో పారదర్శకత పెంపొందించుట" అని ఫైల్లో రాస్తే దాన్ని కొలవలేం. "కరువు పనికి పోతే డబ్బులెప్పుడు పడతాయో తెలీదు, పడినా పూర్తిగా చేతికి రావు, తెచ్చుకోడానికి ఒక పూట పోతుంది" అని రాసుకోండి. కొలవాల్సిన మూడు అంకెలు ఇందులోనే ఉన్నాయి: ఎన్ని రోజుల ఆలస్యం, ఎన్ని రూపాయల కోత, ఎన్ని గంటల తిరుగుడు.

2. డబ్బు నడిచే దారి గీయండి

తెల్లకాగితం మీద గీస్తే చాలు. పాత పద్ధతిలో ఫీల్డ్ అసిస్టెంట్ మస్టర్ (పనికొచ్చినవాళ్ల హాజరు పట్టీ) రాస్తాడు, మండల ఆఫీసులో అది కంప్యూటర్‌కెక్కుతుంది, డబ్బు పోస్టాఫీసుకు వస్తుంది, బ్రాంచి పోస్టుమాస్టరు పాస్‌బుక్ చూసి ఇస్తాడు. మరి ఆ పాస్‌బుక్ ఎవరి దగ్గర ఉంటుంది? కూలీ ఇంట్లోనా, ఇంకొకరి బీరువాలోనా? చిన్న ప్రశ్నే గానీ, సగం కథ అక్కడే తెలిసిపోతుంది.

కొత్త పద్ధతిలో బ్యాంకు తరఫున ఊళ్లోనే ఒక మనిషి మెషిన్‌తో కూర్చోవాలి. చదువుకున్న స్థానిక మహిళ, వీలైతే పొదుపు సంఘం సభ్యురాలు అయి ఉండాలన్నది నిబంధన. కూలీ వేలు పెడుతుంది, రసీదు వస్తుంది, డబ్బు చేతిలో పడుతుంది.

ఇప్పుడు ప్రతి మలుపు దగ్గరా రెండు మాటలు రాయండి. ఇక్కడ ఏం బాగుపడుతుందని ఆశిస్తున్నాం? ఇక్కడ ఏం చెడిపోవచ్చు? సిగ్నల్ ఉండదు, మట్టిపనితో అరిగిన వేలికి ముద్ర పడదు, మెషిన్ ఉన్నావిడ పుట్టింటికి వెళ్తుంది. పథకం ఫెయిలైతే ఎక్కడ ఫెయిలైందో చెప్పేది ఈ కాగితమే, పారేయకండి.

3. ప్రధాన కొలమానం ఒక్కటి ఎంచుకోండి

ఇరవై అంశాలు కొలిచి, అందులో బాగా వచ్చిన రెండింటిని నివేదికలో పెట్టడం చాలాచోట్ల జరుగుతుంది. ఇరవై కొలిస్తే ఏ ప్రభావం లేకపోయినా సగటున ఒకటి అదృష్టం కొద్దీ "గణనీయం" అని తేలుతుంది. 5 శాతం పొరపాటుకు ఒప్పుకోవడమంటే అర్థం అదే, ఇరవైలో ఒకటి. కాబట్టి సర్వేకి వెళ్లకముందే ప్రధాన కొలమానం ఏదో తేదీ వేసి రాసి, మీ టీం బయట ఇంకొకరి దగ్గర ఉంచండి.

ఆ కొలమానం ఇంటి వైపు నుంచి ఉండాలి. ఎన్ని కార్డులు పంచామన్నది మన పని లెక్క. ఆ వారాల్లో కూలీ ఇంటికి ఎంత డబ్బు చేరిందన్నది ఫలితం లెక్క. ఆడవాళ్లకు ఉచిత బస్సు పెట్టాక జీరో టికెట్లు ఇన్ని కొట్టామని వచ్చే వార్తలూ మొదటి రకమే. పొరుగు ఊరి మిల్లులో పనికి కొత్తగా ఎంతమంది వెళ్లగలుగుతున్నారు, కాలేజీ మానేసిన అమ్మాయిలు ఎంతమంది మళ్లీ చేరారు అన్నవి రెండో రకం.

4. పోలిక ఎవరితోనో ముందే తేల్చుకోండి

అసలు కష్టం ఇక్కడే. పథకానికి ముందు, తర్వాత అని పోల్చేస్తే సరిపోదా అని అందరికీ అనిపిస్తుంది. సరిపోదు. కరువు పనులు జోరుగా నడిచేది ఎండాకాలంలో. జనవరిలో కార్డులిచ్చి మే నెలలో చూస్తే ఆదాయం పెరగకుండా ఎలా ఉంటుంది? కార్డు ఇవ్వకపోయినా పెరిగేదే. కార్డు రాకపోయి ఉంటే అదే మనిషికి అదే మే నెలలో ఎంత వచ్చేదన్నది మనం అడగాల్సిన ప్రశ్న. అది ఎవరికీ కనపడదు కాబట్టి దానికి దగ్గరగా ఉండే ఇంకో గుంపు కావాలి.

ముందుకొచ్చిన మండలాలకు ముందు ఇద్దామనుకుంటే అదీ ఇబ్బందే. ఉత్సాహం చూపించే ఎంపీడీవో ఉన్నచోట కార్డు లేకపోయినా చెల్లింపులు బాగానే ఉంటాయి. తర్వాత తేలిన తేడా కార్డుదా, ఎంపీడీవోదా?

స్మార్ట్‌కార్డుల విషయంలో చేసిన పని చాలా సింపుల్. ఎలాగూ ఒకేసారి అన్ని మండలాలకూ ఇచ్చే సత్తా ప్రభుత్వానికి లేదు. కాబట్టి ఎవరికి ముందు, ఎవరికి వెనుక అన్నది లాటరీతో నిర్ణయించారు. 112 మండలాలకు ముందు వచ్చాయి. 45 మండలాలకు చివర్లో. మధ్యలో 139 మండలాలను అడ్డుగోడలా ఉంచారు, వాటిని సర్వే చేయలేదు. మొదటి గుంపులో పని పూర్తయ్యేదాకా చివరి గుంపుకి కార్డులు వెళ్లకుండా ఆ మధ్య గుంపు సమయం ఇచ్చింది. ఎవరికీ పథకం ఎగ్గొట్టలేదు, వరస మాత్రమే చీటీ తీశారు. రాజకీయంగా కూడా ఇదే నిలబడుతుంది. "మా మండలం ఎందుకు వెనకపడింది?" అని ఎమ్మెల్యే అడిగితే చూపించడానికి చీటీ ఉంటుంది.

చీటీ మనుషుల మీద తీయాలా, ఊళ్ల మీదా, మండలాల మీదా? పథకాన్ని నడిపేది ఏ స్థాయిలోనో ఆ స్థాయిలో తీయండి. ఒకే ఊళ్లో సగంమందికి కార్డు, సగంమందికి పాస్‌బుక్ అంటే మెషిన్ దగ్గరి మనిషికీ పిచ్చెక్కుతుంది, లెక్కా కలగాపులగం అవుతుంది.

5. ఎంతమందిని అడగాలి?

ఒక ముతక సూత్రం ఉంది. మీ కొలమానం అవును, కాదు రకం అనుకోండి: డబ్బు 15 రోజుల్లో అందిందా? ఇప్పుడు సగంమందికి అందుతోంది, పథకంతో అది 60 శాతం అవుతుందని ఆశ. అందేవాళ్ల వాటా 0.5ని అందనివాళ్ల వాటా 0.5తో, మళ్లీ 16తో హెచ్చవేస్తే 4. దాన్ని మీరు పట్టుకోవాలనుకున్న తేడా వర్గంతో, అంటే 0.1 × 0.1 = 0.01తో భాగిస్తే 400. పథకం వైపు 400 ఇళ్లు, పోలిక వైపు 400. అదే తేడా 5 పాయింట్లే అనుకుంటే 1,600 చొప్పున కావాలి. ఆశ సగమైతే ఖర్చు నాలుగింతలు.

ఇక్కడితో ఆగితే తప్పు. ఒకే ఊళ్లో ఇళ్లు ఒకేలా ఉంటాయి. పోస్టుమాస్టరు ఒకడే, ఫీల్డ్ అసిస్టెంట్ ఒకడే. ఇరవై ఇళ్లు అడిగినా ఇరవై కొత్త విషయాలు తెలియవు. ఒకే ఊరి ఇళ్లు ఎంత ఒకేలా ఉన్నాయో చెప్పే అంకె (అస్సలు లేకపోతే 0, అచ్చంగా ఒకటే అయితే 1) 0.05 అనుకుంటే, ఊరికి 20 ఇళ్ల చొప్పున అడిగేటప్పుడు నమూనాను 1 + 19 × 0.05, అంటే 1.95తో పెంచాలి. 400 కాస్తా 780, ఊళ్లు 39. అదే ఊరికి పదేసి ఇళ్లయితే 580 చాలు, కాకపోతే ఊళ్లు 58. నా ఓటు రెండోదానికే. డీజిల్ ఖర్చు పెరుగుతుంది గానీ లెక్క గట్టిపడుతుంది.

6. ఇంటికెళ్లి అడగండి

రికార్డులో ఉన్నది, ఇంట్లో చెప్పింది పక్కపక్కన పెట్టడం స్మార్ట్‌కార్డుల అధ్యయనంలో నాకు బాగా నచ్చిన భాగం. అధికారిక రికార్డుల నుంచి జాబ్‌కార్డులు ఎంచుకుని, ఆ ఇళ్లకు వెళ్లి, ఏ వారాల్లో పనికెళ్లారు, ఎంత చేతికొచ్చింది అని అడిగారు. రికార్డులో పడిన డబ్బుకీ, ఇంట్లో చెప్పిన డబ్బుకీ మధ్య తేడా ఎంతో అదే లీకేజీ. మనుషులే లేని జాబ్‌కార్డులు కూడా ఈ తనిఖీలోనే బయటపడతాయి. 2010లో ఒకసారి, 2012లో ఒకసారి సర్వే చేశారు, రెండుసార్లూ ఎండాకాలం చివరి పనుల గురించే అడిగారు. సీజన్ తేడా లెక్కలోకి దూరకుండా చూసుకోవడమంటే ఇది.

ప్రశ్న ఎలా అడుగుతామన్నది ఎంత ముఖ్యమో నాకు ఒక పైలట్ సర్వేలో తెలిసొచ్చింది. "గత నెలలో ఎన్ని రోజులు పనికెళ్లారమ్మా?" అని అడిగితే ఒకావిడ "నాలుగు" అంది. ఫారంలో 4 రోజులని రాసేశాం. అలాంటి నాలుగులు, మూడులు చాలా వచ్చాయి. సాయంత్రం టీ తాగుతూ చూసుకుంటే అనుమానం వచ్చి వెనక్కి వెళ్లాం. ఆవిడ చెప్పింది మస్టర్లు! వారానికో మస్టర్, అంటే నాలుగు వారాలు. ఆ రోజు ఫారాలన్నీ మళ్లీ నింపాం. అప్పటినుంచి రోజులు అని అడగను. "ఊరి జాతర ముందు వారం పోయారా? తర్వాత వారం?" అని ఒక్కో వారం పట్టుకుని అడుగుతాను. అసలు సర్వేకి ముందు ఇరవై ఇళ్లలోనైనా ట్రయల్ చేయకుండా ఫారాలు ప్రింటుకివ్వొద్దు.

డబ్బు లేకపోతే ఫోన్ ఉంది. 2018లో తెలంగాణ రైతుబంధు చెక్కులు పంచేటప్పుడు, లాటరీలో ఎంపికైన చోట్ల అధికారులకు ఒక్క మాట చెప్పారు: రైతులకు ఫోన్ చేసి చెక్కు అందిందా అని కనుక్కుంటాం. ఆ మాటకే చెక్కు అందని రైతుల సంఖ్య 7.8 శాతం తగ్గింది. అదనంగా చేరిన ప్రతి రూపాయికి అయిన ఖర్చు నాలుగు పైసల లోపే.

7. చెడిపోయిన ఊళ్లను తీసేయకండి

2012 నాటికి కార్డులు రావాల్సిన మండలాల్లో కూడా సగం చెల్లింపులే వాటి ద్వారా జరిగాయి. కొన్ని ఊళ్లకు మెషినే రాలేదు. "నడిచిన ఊళ్లనే చూద్దాం" అనే ఒత్తిడి ఇక్కడే వస్తుంది. ఒప్పుకోకండి. మెషిన్ నడిచింది రోడ్డు, సిగ్నల్, బాధ్యత గల మనుషులు ఉన్నచోటే. వాటిని మాత్రమే పోలిస్తే మీరు కొలిచేది ఆ ఊళ్ల మంచితనాన్ని. చీటీలో ఏ గుంపులో పడిందో ఆ ఊరు చివరిదాకా ఆ గుంపులోనే ఉండాలి. అప్పుడొచ్చే అంకె చిన్నగా ఉండొచ్చు గానీ, ప్రభుత్వం నిజంగా నడపగలిగిన పథకం విలువ అదే.

8. అంకెలు చదివేటప్పుడు

అంత సగంసగం అమల్లోనూ, కార్డు మండలాల్లో ఇళ్లకు చేరిన ఉపాధి కూలీ 24 శాతం పెరిగింది. లీకేజీ 41 శాతం తగ్గింది. డబ్బు తెచ్చుకునే సమయం ఐదో వంతు దాకా ఆదా అయింది.

కానీ ప్రభుత్వ ఖర్చు మాత్రం మారలేదు. ఆర్థిక శాఖ కళ్లతో చూస్తే "ఆదా సున్నా". అదే ఖర్చులో మధ్యలో పోయేది ఇంటికి చేరిందన్న సంగతి ఖజానా పుస్తకాల్లో కనపడదు, ఇంటికెళ్లి అడిగినవాళ్లకే కనపడుతుంది. పైగా 2013లో, కింది నుంచి వచ్చిన ఫిర్యాదుల ఆధారంగా ప్రభుత్వం కార్డులు ఎత్తేద్దామా అని గట్టిగా ఆలోచించింది. సర్వేలో పది మందిలో తొమ్మిది మంది పాత పద్ధతికన్నా కార్డే మేలన్న లెక్క చూశాక ఆగింది. నష్టపోయినవాళ్ల గొంతు ఆఫీసుదాకా వస్తుంది, బాగుపడిన కూలీ మాత్రం ఎంపీడీవో ఆఫీసుకొచ్చి థాంక్స్ చెప్పదు కదా.

సగటు ఒక్కటీ రాసి వదలకండి. ఎంత అటూఇటూ ఉండొచ్చో ఆ పరిధి కూడా రాయండి. పరిధి సున్నాను దాటి రెండువైపులా ఉంటే "పనిచేయలేదు" అనకండి, "ఈ నమూనాతో తేల్చలేకపోయాం" అనండి.

9. చీటీ తీసే అవకాశం లేకపోతే

ఎక్కువ పథకాలు రాష్ట్రమంతా ఒకే రోజు మొదలవుతాయి. అప్పుడు ప్రభుత్వం తెలియకుండా గీసిన గీతల కోసం వెతకాలి. గ్రామ సడక్ యోజనలో జనాభా 500 దాటిందా లేదా అన్నది ఒక గీత. 490 మంది ఊరికీ 510 మంది ఊరికీ పెద్ద తేడా ఉండదు, రోడ్డు వచ్చే అవకాశంలో తప్ప. అలా పోల్చి చూస్తే, రోడ్డు వచ్చిన ఊళ్ల నుంచి జనం వ్యవసాయం కాని పనులకు వెళ్లారు, పంటల్లో, ఆదాయాల్లో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదని తేలింది.

రాష్ట్ర సరిహద్దు ఇంకో గీత. తెలంగాణలో ఆడవాళ్లకు ఉచిత బస్సు 2023 డిసెంబరు 9న వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న. మధ్యలో 20 నెలలు కోదాడకు ఉంది, హైవే మీద ఆ పక్కనే ఉన్న జగ్గయ్యపేటకు లేదు. లెక్క కోసం అనుకుందాం: ఊరు దాటి పనికెళ్లే ఆడవాళ్లు కోదాడ వైపు ఊళ్లలో 20 నుంచి 29 శాతానికి, జగ్గయ్యపేట వైపు 22 నుంచి 26కి పెరిగారు. 9లోంచి 4 తీసేయండి. బస్సు లేకపోయినా పెరిగేది ఆ 4, బస్సు ఖాతాలో వేయాల్సింది 5.

ఈ తీసివేత నమ్మాలంటే 2023కి ముందు రెండువైపులా ఒకే పోకడ ఉండి ఉండాలి. అందుకే అంతకు ముందు మూడు నాలుగేళ్ల అంకెలు కూడా సంపాదించి గ్రాఫు గీయండి. రెండు గీతలూ పక్కపక్కనే నడిచి, డిసెంబరు తర్వాతే విడిపోతే ముందుకెళ్లండి. అంతకు ముందే విడిపోయి ఉంటే ఇంకో జంట ఊళ్లు వెతుక్కోండి, సరిహద్దు పొడుగైనదే.