వెరిఫికేషన్ పెండింగ్ అన్నారని దరఖాస్తు వదిలేయకండి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి అమెరికా వచ్చినవారికి

నేను న్యూజెర్సీలో ఒక కౌంటీ ఆఫీసులో మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా), స్నాప్ అనే ఆహార సహాయం దరఖాస్తులు చూసే పనిలో ఉన్నాను. మా సొంతూరు కావలి. కోవూరు, కందుకూరు, పొదిలి, కనిగిరి వైపు వాళ్ళు కౌంటర్ దగ్గరకు వస్తే రెండు మాటలు వినగానే పోల్చుకుంటాను. కొడుకో కూతురో సిటిజన్ అయ్యాక అమ్మానాన్నలను గ్రీన్ కార్డు మీద పిలిపించుకుంటారు. వాళ్ళ వైద్యం సంగతి అడగడానికి వస్తారు. ఇమిగ్రేషన్ స్టేటస్ వెరిఫికేషన్ పెండింగ్‌లో ఉందని చెప్పగానే ఆ పెద్దవాళ్ళ ముఖంలో రంగు మారిపోతుంది. "మా కాగితాల్లో ఏందన్నా తప్పుందామ్మా? వెనక్కి పంపిచ్చేస్తారా?" అని అడుగుతారు. కొందరు ఆ టెన్షన్‌తోనే వెళ్ళిపోయి మళ్ళీ రారు. అర్హత ఉండి కూడా అలా వదులుకునేవాళ్ళను చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

ముందుగా ఆ వెరిఫికేషన్ ఏమిటో తెలుసుకోండి. దాన్ని సేవ్ అంటారు. 1986 నాటి వలస చట్టంతో మొదలైన ఏర్పాటు ఇది. ఇమిగ్రేషన్ శాఖ, అంటే యూఎస్‌సీఐఎస్, దీన్ని నడుపుతుంది. మీ పేరు, పుట్టిన తేదీ, మీ కాగితం మీదున్న నంబరు మేము అందులో కొడతాం. గ్రీన్ కార్డు ఉంటే ఏ-నంబరు, వీసా మీద ఉంటే ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు నమోదైన రికార్డు) నంబరు. ఆ వివరాలు ప్రభుత్వ రికార్డుతో కలిస్తే కొన్ని సెకన్లలో జవాబు వస్తుంది. కలవకపోతే కేసు రెండో దశకు వెళ్ళి, అక్కడ ఒక ఉద్యోగి రికార్డులు తీసి చూస్తారు. దానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. మన ఊరి సచివాలయంలో కరెంటు 300 యూనిట్లు దాటిందనో, లేని కారు ఉందనో సిస్టం చూపిస్తే, అర్జీ పెట్టి సరిచేయించుకుంటాం కదా, ఇదీ అలాంటిదే. మొదటి జవాబులో వివరాలు కలవలేదన్న ఒక్క కారణంతో ఆఫీసు మీ దరఖాస్తు కొట్టేయకూడదు. రెండో దశ పరిశీలన పూర్తి కావాలి.

వివరాలు ఎందుకు కలవవు? నేను చూసినంతలో మనవాళ్ళ విషయంలో చిక్కు ఎక్కువగా పేరు దగ్గరే వస్తుంది. పెంచలయ్య, మాలకొండయ్య, చెంగాళమ్మ, మస్తానయ్య. మన దేవుళ్ళ పేర్లు, మన దర్గా పేర్లు. ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా ఉంటుంది. పాత పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి పేరంతా ఒకే గడిలో రాయించుకున్నవాళ్ళు ఎందరో. అలాంటివారికి అమెరికా వీసాలో ఆ మొత్తం పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్ళిపోతుంది. సొంత పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. తర్వాత దరఖాస్తులో పిల్లలు మంచి మనసుతోనే "వెంకట సుబ్బమ్మ, ఇంటిపేరు ఫలానా" అని విడదీసి నింపుతారు. సిస్టంకు ఆ మనిషి కనపడదు. గ్రీన్ కార్డు మీద, లేదా ఐ-94లో పేరు ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. ఇంట్లో ఎలా పిలుస్తామన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

పుట్టిన తేదీదీ ఇదే తంతు. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు వేసిన తేదీ ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉన్నా ఇబ్బంది లేదు, ఎందుకంటే సేవ్ ఆధార్‌ను చూడదు. ఇమిగ్రేషన్ కాగితంలో ఉన్న తేదీయే ఇక్కడ ప్రమాణం. కాకపోతే ఇక్కడ నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. జూలై 5ను మన అలవాటులో 05-07 అని రాస్తే వీళ్ళకది మే 7. దీనివల్ల ఆగిన కేసులు నేను చూశాను.

జిల్లా పేరు గురించి కూడా చాలామంది అడుగుతారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడక ముందు కందుకూరు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. తర్వాత ప్రకాశంలోకి వెళ్ళింది, 2022లో మళ్ళీ నెల్లూరులో కలిసింది. అందుకే ఒకే ఇంట్లో అన్నదమ్ముల కాగితాల్లో రెండు జిల్లాలు కనిపిస్తాయి. పేరు, తేదీ, నంబరు సరిగ్గా ఉంటే జిల్లా తేడా ఈ తనిఖీకి అడ్డం రాదు. దాని కోసం ఊరికి ఫోన్లు చేసి, మనుషులను ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిప్పకండి.

పెండింగ్ అని చెప్పినప్పుడు కౌంటర్ దగ్గర నుంచి వెంటనే లేచి వెళ్ళిపోకండి. సేవ్ వెరిఫికేషన్ కేసు నంబరు అడిగి రాసుకోండి. ఆ నంబరుతో యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్‌లోని కేస్‌చెక్‌లో మీ పరిశీలన ఎక్కడి వరకు వచ్చిందో మీరే చూసుకోవచ్చు, దానికి ఫీజు లేదు. గ్రీన్ కార్డు రెండు వైపులా జిరాక్స్ ఇవ్వండి. కార్డు ఇంకా పోస్టులో రాకపోతే, పాస్‌పోర్టులోని ఇమిగ్రెంట్ వీసా మీద ఎయిర్‌పోర్టులో వేసిన స్టాంపు ఏడాది పాటు గ్రీన్ కార్డుకు బదులుగా చెల్లుతుంది. ఇది తెలియక కార్డు వచ్చేదాకా ఇంట్లో కూర్చునేవాళ్ళున్నారు. మెడికెయిడ్ విషయంలో ఇంకో రక్షణ కూడా ఉంది. అర్హమైన స్టేటస్ ఉందని సంతకం చేసి, మిగతా షరతులన్నీ సరిపోయినవారికి, రుజువు తేలడానికి 90 రోజుల గడువివ్వాలి. ఈలోపు స్టేటస్ తేలలేదని చెప్పి మెడికెయిడ్ ఆపకూడదు. ఈ మాట అడిగి చెప్పించుకోండి.

రికార్డులోనే తప్పుంటే దాన్ని దిద్దాల్సింది మా ఆఫీసు కాదు. గ్రీన్ కార్డులో తప్పుంటే ఐ-90 ఫారం వేయాలి, తప్పు యూఎస్‌సీఐఎస్ వాళ్ళదైతే ఫీజు ఉండదు. ఐ-94లో తప్పుంటే కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వారి డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసులో దిద్దుతారు.

ఇక అర్హత గురించి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. 1996 నాటి సంక్షేమ చట్టం ప్రకారం గ్రీన్ కార్డు వచ్చిన పెద్దవాళ్ళలో ఎక్కువమందికి మొదటి ఐదేళ్ళు ఫెడరల్ మెడికెయిడ్, స్నాప్ రావు. కార్డు మీద 'రెసిడెంట్ సిన్స్' అని ఉన్న తేదీ నుంచి ఆ ఐదేళ్ళు లెక్క. 18 ఏళ్ళలోపు పిల్లలకు స్నాప్‌లో ఈ ఐదేళ్ళ నిరీక్షణ లేదు. గర్భిణులకు, పిల్లలకు చాలా రాష్ట్రాలు మెడికెయిడ్‌లో సడలింపు ఇచ్చాయి. 65 దాటినవాళ్ళు ఐదేళ్ళు ఎడతెగకుండా ఇక్కడ నివసించాక ప్రీమియం కట్టి మెడికేర్‌లో, అంటే పెద్దవయసువారి ప్రభుత్వ ఆరోగ్య బీమాలో, చేరవచ్చు. స్పాన్సర్‌గా కొడుకు ఐ-864 అనే పోషణ హామీ పత్రం మీద పెట్టిన సంతకం ఉత్తుత్తి సంతకం కాదు. అమ్మానాన్నల దరఖాస్తు వచ్చినప్పుడు స్పాన్సర్ వివరాలు కూడా సేవ్ ద్వారా మాకు వస్తాయి, కొడుకు ఆదాయాన్నీ లెక్కలో కలపవచ్చు. అందుకే అమ్మానాన్నలను పిలిపించే ముందే ఆ మొదటి ఐదేళ్ళకు ఆరోగ్య బీమా ఏదో ఆలోచించుకోండి. టూరిస్టు వీసా మీద వచ్చే పెద్దవాళ్ళకు విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకోకుండా విమానం ఎక్కించొద్దు.

హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 మీద ఉన్న పెద్దవాళ్ళకు స్నాప్ రాదు. అయితే ఇక్కడ పుట్టిన బిడ్డ అమెరికా పౌరుడు. బిడ్డ ఒక్కడికే దరఖాస్తు పెట్టవచ్చు. తమ కోసం అడగని తల్లిదండ్రుల ఇమిగ్రేషన్ స్టేటస్ చెప్పనక్కర్లేదు, ఆదాయం మాత్రం చూపాలి. మీ గ్రీన్ కార్డు దరఖాస్తు ఇంకా నడుస్తుంటే, ఏ సహాయానికైనా పెట్టే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను ఒకసారి అడగండి. ఈ నిబంధనలు మారుతుంటాయి.

కొత్తగా వచ్చిన ఉద్యోగులు, విద్యార్థులు సేవ్ పేరు మొదట వినేది డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో. లైసెన్సు ఇచ్చే ముందు స్టేటస్ సరిచూడాలనే రియల్ ఐడీ చట్టం వల్ల ఆ ఆఫీసువాళ్ళూ సేవ్‌లోనే చూస్తారు. దిగిన మర్నాడే పరుగెత్తకండి. ముందు ఐ-94ను ఆన్‌లైన్‌లో తీసి, పేరు, తేదీ సరిచూసుకుని, కొన్ని రోజులు ఆగి వెళ్ళండి.

అన్నిటికంటే ముఖ్యంగా ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. లైసెన్సు ఆఫీసులోనూ, మాలాంటి ఆఫీసుల్లోనూ ఓటరుగా నమోదు చేసుకుంటారా అని అడుగుతారు. 1993 నాటి ఓటరు నమోదు చట్టం ప్రకారం ఆ అవకాశం ఇవ్వాలి కాబట్టి అందరినీ అడుగుతారు. సిటిజన్ కానివాళ్ళు 'నో' అనే చెప్పాలి. మెషీన్ మీద తొందరలో 'ఎస్' నొక్కడం, దరఖాస్తులో సిటిజన్ గడిలో టిక్ పెట్టడం చిన్న పొరపాటుగా పోదు. పౌరులమని తప్పుగా చెప్పుకున్నట్టు తేలితే గ్రీన్ కార్డుకు, తర్వాత పౌరసత్వానికి శాశ్వతంగా అడ్డుపడవచ్చు. ఇంగ్లిష్ అర్థం కాకపోతే ఊహించి టిక్ పెట్టకండి. తెలుగు దుబాసీ కావాలని అడగండి, ఫోనులో ఏర్పాటు చేస్తారు, డబ్బు తీసుకోరు. పదేళ్ళ మనవడిచేత తర్జుమా చేయించుకుని సంతకం పెట్టేస్తున్న పెద్దవాళ్ళను చూస్తే నా గుండె ఝల్లుమంటుంది.

ఒకవేళ దరఖాస్తు కాదన్నారనుకోండి, నోటి మాటతో సరిపెట్టుకోకుండా రాతపూర్వక నోటీసు తీసుకోండి. కాదన్న కారణం, హియరింగ్ (ఆ నిర్ణయం మీద విచారణ) అడగడానికి ఆఖరి తేదీ అందులోనే ఉంటాయి. ఆ తేదీ దాటకముందే హియరింగ్ కోరుతూ రాసి, పంపిన కాపీ దగ్గర ఉంచుకోండి. లాయర్ ఖర్చు భరించలేకపోతే మీ కౌంటీలోని లీగల్ ఎయిడ్ ఆఫీసులో ఉచితంగా సాయం దొరకవచ్చు. నోటీసు చేతికొచ్చిన రోజే వాళ్ళకు ఫోన్ చేయండి.