పికప్పు బండి లాగకపోతే: టర్బో జోలికి వెళ్లే ముందు

మదనపల్లె నుంచి టమోటా లోడుతో బయలుదేరిన పికప్పు చింతామణి, హోస్కోటె దాటేవరకూ బాగానే వస్తుంది. బెంగళూరులోకి అడుగు పెట్టాక ఏ ఫ్లైఓవర్ ఎక్కాలన్నా రెండో గేరులోకి దిగాల్సి వస్తుంది. షెడ్డుకు తీసుకెళితే చాలాచోట్ల వినిపించే తొలి మాట ‘టర్బో పోయింది’, లేకపోతే ‘ఇంజెక్టర్లు దించాలి’. టర్బో ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపేది, ఇంజెక్టర్లు డీజిల్ చిమ్మేవి. రెండూ జేబుకు పెద్ద చిల్లే. దానికి ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఇంజన్‌లో బలమే పుట్టడం లేదా, పుట్టిన బలం చక్రాల దాకా రావడం లేదా?

ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు

ఖాళీ రోడ్డు చూసుకుని, లోడుతో, నాలుగో గేరులో 40 కిలోమీటర్ల వేగంతో వెళుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం ముల్లు పైకి ఎగబాకి, స్పీడు ముల్లు ఉన్నచోటే ఉంటే క్లచ్ జారుతోంది. కాలిన వాసన కూడా వస్తే ఇక అనుమానం అక్కర్లేదు. సిల్క్ బోర్డు లాంటి కూడళ్లలో రోజూ హాఫ్ క్లచ్ మీద, అంటే పెడల్ సగం తొక్కి, నిలబడే బండికి ఇది తప్పదు. ముందు పెడల్ ప్లే (క్లచ్ పట్టేలోపు పెడల్ వదులుగా కదిలే దూరం) సరిచేయించి చూడండి. క్లచ్ ప్లేటు అరిగిపోయి ఉంటే ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కూడా కలిపి మార్చడమే మేలు, గేర్‌బాక్స్ దించే కూలి ఒకసారితో పోతుంది. దించినప్పుడే ఇంజన్ వెనక ఆయిల్ సీలు కారుతోందేమో చూడమనండి. కారుతుంటే కొత్త ప్లేటుకూ నూనె అంటుకుని మళ్లీ జారుతుంది.

బండి బరువుగా ఈడ్చుకుంటూ పోతుంది

బ్రేకు పెద్దగా వాడకుండా నాలుగైదు కిలోమీటర్లు నడిపి ఆపండి. ప్రతి చక్రం దగ్గర చేయి పెట్టి చూడండి, తాకవద్దు. ఒక చక్రం దగ్గర మాత్రమే వేడి కొడుతుంటే అక్కడ బ్రేకు పట్టేసింది. జాకీ ఎత్తి చేత్తో తిప్పితే తెలిసిపోతుంది. హ్యాండ్ బ్రేకు కేబుల్ బిగుసుకోవడం, వీల్ సిలిండర్ వెనక్కి రాకపోవడం మామూలు కారణాలు. టైర్లలో గాలి, మోస్తున్న బరువు సంగతి చెప్పనవసరం లేదు. 1.7 టన్నులు మోసే బండి మీద రెండున్నర టన్నులు వేసి ఇంజన్‌ను తిట్టడం న్యాయం కాదు.

లోడు పడగానే నీరసం, వెనక నల్ల పొగ

డీజిల్ అందుతోంది, గాలి అందడం లేదు. ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పి వెలుతురుకు పట్టి చూడండి. దుమ్ము రోడ్లలో తిరిగే బండికి సర్వీసు బుక్కులో రాసిన గడువు కన్నా ముందే మార్చాలి.

ఫిల్టర్ బాగుంటే అసలు దొంగ చాలాసార్లు టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచేది) వెళ్లే రబ్బరు హోసు. బండి నిలబెట్టి చూస్తే ఏమీ కనిపించదు. లోడు మీద ఒత్తిడి పెరిగినప్పుడే చీలిక విచ్చుకుంటుంది, అప్పుడు ‘స్స్’ మని గాలి పోయే శబ్దం వస్తుంది. ఇంజన్ చల్లారాక హోసును రెండు చేతులతో వంచి, ముఖ్యంగా క్లాంపు అంచున, అడుగు వైపున చూడండి. నూనె చెమట పట్టి, దాని మీద దుమ్ము నల్లగా అంటుకుని ఉన్నచోటే చీలిక ఉంటుంది. టేపు చుడితే ఊరికి చేరేదాకానే. జె.సి. రోడ్డులో కొత్త హోసు దొరుకుతుంది, పాతది చేత పట్టుకుని వెళ్లండి.

సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో గాలే కొంత పలుచన. టర్బో లేని పాత బండి నెల్లూరులో లాగినట్టు ఇక్కడ లాగదు. ఆ కాస్త తేడాకు మందు లేదు.

పొగ లేదు, ఒక వేగం దాటి పెరగదు

ఇది డీజిల్ అందని లక్షణం. ఫిల్టర్ అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, కొంచెం డీజిల్‌ను గాజు సీసాలో పట్టి కాసేపు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర తేరితే అది నీళ్లు. నీళ్లు తీసేసి, ఫిల్టర్ మార్చి, హ్యాండ్ ప్రైమర్‌తో (డీజిల్ తోడే చేతి పంపు) లైనులోని గాలి పూర్తిగా పోయేదాకా కొట్టాలి. కొత్త ఫిల్టర్ వేసిన వారానికే మళ్లీ అదే కథ అయితే ట్యాంకు దించి కడిగించాల్సిందే.

డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతోంది

2020 ఏప్రిల్ 1 తర్వాతి బీఎస్-6 (కాలుష్య ప్రమాణం) డీజిల్ పికప్పుల్లో సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ ఉంటుంది. మసిని పట్టే ఫిల్టర్ అది. అందుకే వీటిలో గాలి లోపం ఉన్నా నల్ల పొగ కనిపించకపోవచ్చు. పట్టిన మసి కాలాలంటే లోపల దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. మార్కెట్టుకూ గోడౌనుకూ మధ్య మొదటి రెండు గేర్లలో తిరిగే బండికి ఆ వేడి రాదు. మసి నిండేకొద్దీ పొగ బయటికి పోలేక ఇంజన్ ఉక్కిరిబిక్కిరవుతుంది, చివరికి బండిలోని కంప్యూటరే బలాన్ని తగ్గించేస్తుంది.

డీపీఎఫ్ లైటు ఒక్కటే నిలకడగా వెలుగుతుంటే కోలారు హైవే ఎక్కి, 2,000 ఆర్‌పీఎం తగ్గకుండా ఇరవై నిమిషాలు ఏకధాటిగా నడపండి. చాలాసార్లు దానంతట అదే ఆరిపోతుంది. ఆ తర్వాత గడ్డి మీద, కొట్టంలో బండి ఆపవద్దు, సైలెన్సర్ నిప్పులా కాగి ఉంటుంది. ఇంజన్ లైటు కూడా వెలిగితే ఇలా నడపవద్దు, బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్ ఉన్న సర్వీసు కేంద్రానికి వెళ్లాలి. పోయే ముందు డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పై గీత దాటి ఉంటే మసి కాల్చే పని సగంలో ఆగడం వల్ల డీజిల్ అందులో కలిసిందన్న మాట, ఆయిల్ మార్చాలి. డీపీఎఫ్ లోపలిది పగలగొట్టి ఖాళీ డబ్బా బిగిస్తామనే వాళ్లు దొరుకుతారు. అది చట్ట విరుద్ధం, పొగ పరీక్షలోనూ గట్టెక్కకపోవచ్చు.

బండి ఆపి మళ్లీ స్టార్ట్ చేయగానే బలం తిరిగి వస్తుంటే సెన్సర్ మీదో, వైరు జాయింటు మీదో అనుమానపడాలి. స్కానర్‌లో కనిపించే లోపం కోడు చెరిపేయక ముందే ఫోటో తీసుకోండి.

ఇవన్నీ దాటాకే టర్బో, ఇంజెక్టర్ల మాట. అప్పుడు కూడా లోడుతో బండి నడుస్తుండగా స్కానర్‌లో టర్బో ఒత్తిడి, డీజిల్ రైలు (ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టం) ఒత్తిడి ఎంత వస్తున్నాయో, ఎంత రావాలో చూపించమనండి. చూపించకుండా పానా పట్టుకుంటే బండి తాళం తీసుకుని మరో షెడ్డు చూసుకోండి.