వారంటీ అయిపోయాక ల్యాప్‌టాప్ పాడైతే కంపెనీని ఎలా నిలదీయాలి?

లక్షా ఇరవై వేలు పోసి కొన్న ల్యాప్‌టాప్ పదమూడో నెలలో ఆన్ కావడం మానేస్తుంది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే కౌంటర్‌లో కుర్రాడు సీరియల్ నంబర్ కొట్టి చూసి, "సార్, అవుట్ ఆఫ్ వారంటీ. బోర్డ్ పోయింది, అరవై వేలు దాకా అవుతుంది" అంటాడు. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఉసూరుమంటూ డబ్బు కట్టేస్తారు, లేదంటే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి పట్టుకెళ్లి తెలిసిన కుర్రాడి చేతిలో పెడతారు. ఈ రెండో పని మరీ తొందరగా చేస్తే కేసు సగం పోయినట్టే. ఎందుకో కిందికి వెళ్లాక తెలుస్తుంది.

వారంటీ అంటే ఇన్నాళ్లలో పాడైతే ఉచితంగా బాగుచేస్తామని కంపెనీ ఇచ్చే మాట. కొనుగోలుదారుకి చట్టం ఇచ్చే హక్కు దానికి విడిగా ఉంటుంది. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వస్తువు నాణ్యతలో ఉండే ఏ లోపమైనా 'డిఫెక్ట్' కిందకే వస్తుంది. ఆ నిర్వచనంలో వారంటీ గడువు ప్రస్తావన లేదు. ఫ్యాక్టరీలోనే పుట్టిన లోపం పదమూడో నెలలో బయటపడినా అది లోపమే.

అలాగని ఎక్కువ ఆశలు పెట్టుకోవద్దు. యూరోపియన్ యూనియన్‌లో అమ్మిన వస్తువుకి కనీసం రెండేళ్ల చట్టబద్ధమైన గ్యారంటీ ఉంటుంది. ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్లయితే 2015 నాటి అక్కడి చట్టం కింద ఆరేళ్ల దాకా దుకాణదారుని అడగొచ్చు. మన దగ్గర అలా ఇన్నేళ్లని రాసిపెట్టిన లెక్క లేదు. పైగా వారంటీ దాటాక, లోపం తయారీలోనే ఉందని చూపించాల్సిన బరువు మన మీదే పడుతుంది. అందుకే మొదటి వారంలో చేతికొచ్చే కాగితాల మీదే కథంతా నడుస్తుంది.

1. అసలు కేసు ఉందా? మీతో మీరు నిజం మాట్లాడుకోండి

కాఫీ ఒలికిందా? బస్సులో బ్యాగ్ కిందపడిందా? బ్యాటరీ మూడేళ్లు వాడాక గంటే వస్తోందా? ఇలాంటివైతే వదిలేయండి. బ్యాటరీ అరుగుదల లోపం కిందకి రాదు, ఏ వినియోగదారుల కమిషనూ (వాడుకలో వినియోగదారుల కోర్టు) దానికి డబ్బు ఇప్పించదు.

మామూలుగా వాడుతుండగానే మదర్‌బోర్డ్ పోవడం, స్క్రీన్ మీద దానంతటదే గీతలు రావడం, హింజ్ దగ్గర బాడీ పగలడం, బ్యాటరీ ఉబ్బడం లాంటివి మాత్రం అడగదగ్గ విషయాలు. మోడల్ పేరు, సమస్య కలిపి వెతికి చూడండి. అదే మోడల్ వాడేవాళ్లు చాలామంది అదే బాధ చెప్తుంటే అది మీకు పెద్ద బలం. కొన్నిసార్లు కంపెనీయే ఒప్పుకుని ఉంటుంది. మ్యాక్‌బుక్‌ల బటర్‌ఫ్లై కీబోర్డుల కోసం ఆపిల్ 2018 జూన్‌లో ఒక సర్వీస్ ప్రోగ్రామ్ పెట్టింది. వారంటీతో పనిలేకుండా, మొదట అమ్మిన తేదీ నుంచి నాలుగేళ్ల దాకా ఉచితంగా బాగుచేసింది. వేడెక్కే ప్రమాదం ఉందని హెచ్‌పీ 2018లో కొన్ని మోడళ్ల బ్యాటరీలను వెనక్కి తీసుకుంది. ఇలాంటివి కౌంటర్‌లో మనం అడక్కుండా వాళ్లంతట వాళ్లు చెప్తారనుకోవద్దు. కంపెనీ సపోర్ట్ పేజీలో 'రీకాల్', 'సర్వీస్ ప్రోగ్రామ్' అని వెతకండి.

2. వారంటీ నిజంగానే అయిపోయిందా?

ఇది రెండు నిమిషాల పని. కొన్ని కంపెనీల సిస్టమ్‌లో వారంటీ మీరు కొన్న రోజు నుంచి కాకుండా, సరుకు వాళ్ల గోడౌన్ నుంచి బయల్దేరిన రోజు నుంచి మొదలవుతుంది. షాపులో మూడు నెలలు మూలన పడి ఉన్న పీస్ మీకు అమ్మితే, ఆ మూడు నెలలు మీ ఖాతాలో పోయినట్టు కనిపిస్తుంది. బిల్లు పంపి తేదీ సరిచేయమంటే సరిచేస్తారు. కొనేటప్పుడు షాపువాడు అంటగట్టిన ఎక్స్‌టెండెడ్ వారంటీ ఏదైనా ఉందేమో బిల్లులో చూడండి. అది వేరే సంస్థ పేరుతో ఉండొచ్చు, కాబట్టి బ్రాండ్ సర్వీస్ సెంటర్‌లో కనిపించకపోవచ్చు.

ఇంకోటి. ఇదే సమస్య వారంటీలో ఉండగా ఒక్కసారైనా చెప్పారా? అప్పటి జాబ్ షీట్ (రిపేర్‌కి తీసుకున్నప్పుడు సర్వీస్ సెంటర్ రాసిచ్చే కాగితం), చాట్, మెయిల్ ఏదున్నా బయటికి తీయండి. పదో నెలలో 'అప్పుడప్పుడూ ఆగిపోతోంది' అని మీరు చెప్పినప్పుడు విండోస్ మళ్లీ వేసి పంపించేశారనుకోండి. పదమూడో నెలలో బోర్డ్ పోతే అది కొత్త సమస్య అని వాళ్లు అనలేరు. వారంటీలో చెప్పిన లోపాన్ని అప్పుడు సరిగ్గా బాగుచేయకపోవడం సేవాలోపం. నా లెక్కలో దీనికి మించిన ఆధారం లేదు.

3. జాబ్ షీట్: ఇక్కడ తొందరపడొద్దు

బయట ఎవరి చేతా ల్యాప్‌టాప్ తెరిపించకముందే ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి. సీటీసీ కుర్రాడు పనిలో ఎంత దిట్టైనా, ఒకసారి స్క్రూలు విప్పాడంటే "బయటివాళ్లు తెరిచారు" అన్న ఒక్క మాటతో కంపెనీ చేతులు దులుపుకుంటుంది.

ఇచ్చే ముందు నాలుగు వైపులా ఫొటోలు, సీరియల్ నంబర్ కనపడేలా ఒకటి, సమస్య చూపిస్తూ చిన్న వీడియో తీసుకోండి. ఆన్ అవుతుంటే డేటా బ్యాకప్ చేసుకోండి. విండోస్ మీ డేటాకి వేసే తాళం బిట్‌లాకర్, దాని రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉందో లేదో చూసుకోండి, బోర్డ్ మారిస్తే అది అడుగుతుంది. ఇప్పటి మ్యాక్‌బుక్‌లలో స్టోరేజ్ బోర్డుకే అతికి ఉంటుంది, కాబట్టి బోర్డుతో పాటే ఫొటోలూ పోతాయి.

కౌంటర్‌లో రాసే జాబ్ షీట్‌లో మీ మాటలు ఉండాలి. 'నో పవర్' అని రెండు ముక్కలు కొట్టి ఊరుకుంటారు. "తేదీ వేసి, మామూలుగా వాడుతుండగా ఆగిపోయింది, నీళ్లు తగల్లేదు, కింద పడలేదు అని కూడా రాయండి" అని అడగండి. రాయనంటే గొడవ పడకుండా, అక్కడే నిలబడి అదే విషయం వాళ్ల సపోర్ట్ మెయిల్‌కి జాబ్ నంబర్‌తో పంపించండి. జాబ్ షీట్‌లో 'స్క్రాచెస్', 'డెంట్' అని ముందే టిక్కులు పెట్టి ఉంటే, లేనివి కొట్టేయించాకే సంతకం చేయండి.

పరీక్షించాక వాళ్లిచ్చే రిపోర్ట్ రాతపూర్వకంగా కావాలి. ఏ భాగం పోయింది, ఎందుకు పోయింది, ఎంతవుతుంది అన్న మూడూ ఉండాలి. ఎస్టిమేట్ మాత్రం చకచకా ఇస్తారు, 'ఎందుకు' దగ్గరే నసుగుతారు. దీనికి తనిఖీ ఫీజు అడిగితే కట్టేసి రసీదు తీసుకోండి, అదీ సాక్ష్యమే.

'లిక్విడ్ డ్యామేజ్' అన్నారా? ఎక్కడో చూపించమనండి. చాలా ల్యాప్‌టాప్‌ల లోపల తడి తగిలితే రంగు మారే చిన్న స్టిక్కర్లు ఉంటాయి. వాటిని, బోర్డ్ మీద మరకని ఫొటో తీయనివ్వమనండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో 'కరోజన్' అనే మాట కూడా వినిపించొచ్చు. సముద్రం పక్కన ఊళ్లు ఉంటాయని తెలిసే కదా ఇక్కడ అమ్ముతున్నారు! గాలిలో తేమకి బోర్డ్ తుప్పు పడితే అది వాడినవాడి తప్పెలా అవుతుందో రాతపూర్వకంగా చెప్పమనండి.

రిపోర్ట్ చేతికొచ్చాక, ఇష్టమైతే బయట అనుభవమున్న టెక్నీషియన్ అభిప్రాయం లెటర్‌హెడ్ మీద తీసుకోండి. నిపుణుల అభిప్రాయం లేక ఓడిపోయే కేసులు ఎక్కువ. వీలైతే విషయం తేలేదాకా రిపేర్ చేయించకుండా ఉంచండి. పని ఆగిపోతుందనుకుంటే అరువు మెషీన్‌తో కొన్నాళ్లు నెట్టుకురండి. అదీ కుదరక చేయించాల్సి వస్తే, పాత బోర్డ్ తిరిగివ్వమని ముందే రాసివ్వండి. ఇవ్వనంటే దాని ఫొటోలైనా తీసుకోండి.

4. కంపెనీకి మెయిల్

టోల్ ఫ్రీ నంబర్‌లో గంటసేపు సంగీతం వినడం కన్నా ఒక్క మెయిల్ మేలు. కంపెనీ సైట్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ లేదా నోడల్ ఆఫీసర్ అడ్రస్ ఉంటుంది. ల్యాప్‌టాప్ డబ్బా మీద తయారీదారు లేక దిగుమతిదారు పేరు, కస్టమర్ కేర్ వివరాలు ఉంటాయి. అందుకే డబ్బా పారేయకండి. ఆన్‌లైన్‌లో కొని ఉంటే ఆ సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కీ కాపీ పెట్టండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆయన 48 గంటల్లో ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి.

ఇంగ్లీషులోనే రాయండి, త్వరగా కదులుతుంది. విషయం మాత్రం ఇంతే ఉండాలి:

"ఫలానా తేదీన ఫలానా షాపులో ఇంత ధరకి ఈ మోడల్ కొన్నాను. సీరియల్ నంబర్ ఇది. ఫలానా తేదీన మామూలుగా వాడుతుండగా ఆగిపోయింది. మీ సర్వీస్ సెంటర్ జాబ్ షీట్ ప్రకారం మదర్‌బోర్డ్ పోయింది, బయటి దెబ్బలు గానీ తడి గానీ లేవు. ఇంత ధర పెట్టిన వస్తువు పదమూడు నెలలకే ఇలా అవడం తయారీ లోపం వల్లేనని నా అభిప్రాయం. ఉచితంగా బాగుచేయాలని కోరుతున్నాను. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. లేకపోతే వినియోగదారుల కమిషన్‌ని ఆశ్రయిస్తాను."

తిట్లు, మానసిక క్షోభ, సోషల్ మీడియా బెదిరింపులు ఇందులో వద్దు. కొన్ని కంపెనీలు ఇక్కడే 'గుడ్‌విల్' పేరుతో విడిభాగం ఉచితంగానో సగం ధరకో ఇస్తామంటాయి. వారంటీ దాటి రెండు మూడు నెలలే అయితే గట్టిగా అడగండి. రెండేళ్లు దాటాక సగానికి ఒప్పుకోవడం తెలివైన పనే అంటాను. ఏది ఒప్పుకున్నా, మార్చిన భాగానికి ఎన్నాళ్ల వారంటీయో బిల్లు మీద రాయించుకోండి.

5. 1915కి ఫోన్

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ ఇది. తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. వాళ్లు ఫిర్యాదు నమోదు చేసి కంపెనీకి పంపుతారు, మీకు డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) వస్తుంది. వాళ్లకి తీర్పు చెప్పే అధికారం లేదు. అయినా మామూలు కస్టమర్ కేర్ వాళ్లు దాటించని ఫైలు ఇక్కడి నుంచి వెళ్తే కదలొచ్చు. అసలు గొడవ స్పేర్ పార్ట్ దొరకడం లేదని అయితే, 2022 డిసెంబరులో కేంద్రం పెట్టిన రైట్ టు రిపేర్ పోర్టల్‌లో మీ బ్రాండ్ ఉందేమో కూడా చూడండి.

6. జిల్లా కమిషన్

ఇక్కడికి రావడానికి గడువు, గొడవకి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. ఏ పేచీ లేకుండా, ల్యాప్‌టాప్ మొదటిసారి పాడైన రోజు నుంచే లెక్కపెట్టుకోండి. మెయిళ్లు రాస్తూ కూర్చుంటే గడువు పెరగదు.

మీరు కట్టిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషనే. ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. కంపెనీ హెడ్డాఫీసు బెంగళూరులో ఉన్నా గుర్గావ్‌లో ఉన్నా, మీరు ఉండే ఊరి జిల్లాలోనో పనిచేసే జిల్లాలోనో వేయొచ్చు. అనంతపురంలో ఉన్నవాళ్లు అనంతపురంలోనే. లాయర్ తప్పనిసరి కాదు. 'ఈ-జాగృతి' పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు, వీడియోలో హాజరవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఫిర్యాదుకి తేదీల వరుస, బిల్లు, జాబ్ షీట్లు, రిపోర్ట్, మెయిళ్లు, అఫిడవిట్ జతచేయండి. తయారీ కంపెనీని, అమ్మినవాళ్లని, సర్వీస్ సెంటర్‌ని ముగ్గురినీ చేర్చండి. లేకపోతే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. బిల్లు కంపెనీ పేరు మీద, జీఎస్‌టీ నంబర్‌తో ఉంటే 'వ్యాపార అవసరం' అని అవతలివాళ్లు అడ్డం తిరిగే అవకాశం ఉంది. సొంతంగా పనిచేసి పొట్టపోసుకునే డిజైనరో ట్రాన్స్‌లేటరో అయితే, స్వయం ఉపాధి కోసం కొన్నానని ఫిర్యాదులోనే స్పష్టంగా రాయండి. చట్టం వాళ్లని వినియోగదారుల కిందే చూస్తుంది.

ఒక తప్పటడుగు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 'ప్రోడక్ట్ లయబిలిటీ' (వస్తువు వల్ల జరిగిన హానికి కంపెనీ బాధ్యత) అన్న పెద్ద మాట చట్టంలో చూసి చాలామంది దాని కిందే పరిహారం అడుగుతారు. ఆ అధ్యాయంలో 'హాని' అంటే వస్తువుకే జరిగిన నష్టం లెక్కలోకి రాదు. బ్యాటరీ పేలి చెయ్యి కాలినా, బల్ల తగలబడినా అది పనికొస్తుంది. ల్యాప్‌టాప్ ఆగిపోవడం ఒక్కటే మీ బాధైతే, వస్తువులో లోపం, సేవాలోపం అని అడగండి.

అవతలివాళ్లు జవాబివ్వడానికి నోటీసు అందినప్పటి నుంచి 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15. ఆ 45 రోజుల గడువు దాటడానికి వీల్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చిలో తేల్చింది. ల్యాబ్ పరీక్ష కావాలంటే మీరే అడగండి, కమిషన్ పంపిస్తుంది. దాని ఫీజు ముందు మీరే కట్టాల్సి రావొచ్చు. పరీక్ష లేని కేసు మూడు నెలల్లో, ఉంటే ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. ఆచరణలో అంతకన్నా ఎక్కువే పడుతుందని అనుకుని దిగండి. మధ్యలో మీడియేషన్‌కి, అంటే మధ్యవర్తి ముందు రాజీ మాటలకి పంపితే వెళ్లండి, ఇలాంటి గొడవలకి అదే దగ్గరి దారి.

గెలిస్తే రిపేర్, మార్పిడి, డబ్బు వాపసు, పరిహారం, ఖర్చులు వీటిలో ఏదైనా రావొచ్చు. వారంటీ దాటిన ల్యాప్‌టాప్‌కి పూర్తి ధర వస్తుందని మాత్రం లెక్కేసుకోకండి. అందుకే ఫిర్యాదులో ఉచిత రిపేర్‌ని మొదట, కుదరకపోతే వాడిన కాలం తీసేసి మిగతా ధరని అడగండి. నచ్చకపోతే 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కి అప్పీలు చేసుకోవచ్చు. కంపెనీ అప్పీలుకి వెళ్లాలంటే తీర్పులో చెప్పిన సొమ్ములో సగం ముందు జమచేయాలి. తీర్పు వచ్చాక కూడా కదలకపోతే అదే కమిషన్‌లో అమలు దరఖాస్తు వేయండి. తీర్పును పాటించనివాళ్లకి నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా కనీసం పాతిక వేల జరిమానా, లేదా రెండూ వేసే అధికారం 72వ సెక్షన్ కింద దానికి ఉంది.