ప్రీపెయిడ్ ప్లాన్ వేసే ముందు చూసుకోవాల్సిన లెక్కలు

ప్రీపెయిడ్ రీచార్జ్ దగ్గర చాలామంది చేసేది ఒకటే, పోయినసారి ఏది వేశారో మళ్ళీ అదే వేసేస్తారు. లేదంటే యాప్ తెరవగానే పైన "పాపులర్" అని మెరుస్తున్న దాన్ని నొక్కేస్తారు. అక్కడ పైన పెట్టింది కంపెనీకి ఎక్కువగా అమ్ముడుపోవాల్సిన ప్లాన్, అది మీకు సరిపోయేది అయ్యుండాలని ఏమీ లేదు. ఒక జీబీ ఎంతకి పడుతోంది అని లెక్క వేసి, తక్కువకి పడింది కాబట్టి లాభం అనుకోవడం కూడా సగం లెక్కే, ఎందుకంటే మీరు వాడని జీబీకి కూడా డబ్బులు కట్టేది మీరే. అందుకే ప్లాన్లు తర్వాత చూద్దాం, ముందు మీ వాడకం ఎంతో తేల్చుకోండి.

ఇది ఫోన్‌లోనే ఉంటుంది. ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ లేదా సిమ్ సెక్షన్‌లోకి వెళ్తే డేటా వాడకం నెలవారీగా, ఏ యాప్ ఎంత తిన్నదో కూడా కనిపిస్తుంది, బిల్లింగ్ సైకిల్ తేదీని మీ రీచార్జ్ తేదీకి మార్చుకుంటే లెక్క ఇంకా కచ్చితంగా వస్తుంది. ఐఫోన్‌లో ఒక మెలిక ఉంది: మొబైల్ డేటా పేజీలో "ప్రస్తుత వ్యవధి" అని చూపించే అంకె దానంతట అది నెలనెలా సున్నాకి రాదు, మీరే కిందికి వెళ్ళి రీసెట్ చేయాలి. ఎప్పుడూ రీసెట్ చేయకపోతే అక్కడ కనిపించేది ఫోన్ కొన్నప్పటి నుంచీ పోగైన మొత్తం కావచ్చు, దాన్ని చూసి "అమ్మో ఇంత వాడుతున్నానా" అని పెద్ద ప్లాన్ వేసేయకండి. రీచార్జ్ చేసిన రోజే రీసెట్ చేసి, వ్యాలిడిటీ అయిపోయే రోజు మళ్ళీ చూడండి. కనీసం రెండు మూడు సైకిళ్ళు చూస్తే మంచిది, ఊరెళ్ళిన నెల, సెలవుల నెల వాడకం మామూలుగా ఉండదు కదా.

అంకె చూశాక అది ఎందుకంత వచ్చిందో కూడా అర్థం చేసుకోండి. మాటలు, మెసేజీలు, మ్యాప్‌లు, బ్యాంకు యాప్‌లు డేటాని పెద్దగా తినవు. పాటలు 128 కేబీపీఎస్ క్వాలిటీలో వింటే గంటకు 60 ఎంబీ లోపే, 320లో పెడితే 145 ఎంబీ దాకా. అసలు ఖర్చంతా వీడియోలదే. 480పీలో గంటకు అర జీబీ నుంచి ముప్పావు జీబీ వరకు పోతుంది, హెచ్‌డీ అయితే సెకనుకి 5 మెగాబిట్ల లెక్కన గంటకు 2.25 జీబీ, 4కే పెడితే 7 జీబీ దాకా కూడా వెళ్తుంది. చేతిలో పట్టేంత స్క్రీన్ మీద 480పీకీ హెచ్‌డీకీ తేడా మీకు నిజంగా తెలుస్తోందా అని ఒకసారి పెట్టి చూడండి. తెలియకపోతే మొబైల్ డేటా మీద ఉన్నప్పుడు వీడియో క్వాలిటీని తగ్గించి పెట్టేయండి, ఆటో ప్లే ఆపండి, యాప్ అప్‌డేట్లు, ఫోటోల బ్యాకప్ వైఫైలో మాత్రమే జరిగేలా మార్చండి. ఈ నాలుగు మార్పులతోనే చాలామందికి ఒక మెట్టు కింది ప్లాన్ సరిపోతుంది. అంటే ప్లాన్ మార్చకముందే సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు ప్లాన్లలోకి వద్దాం. మొదట చూడాల్సింది ధర కాదు, వ్యాలిడిటీ. 28 రోజుల ప్లాన్‌ని మనం మనసులో "నెల" అని చదివేసుకుంటాం, అక్కడే లెక్క తప్పుతుంది. 28 రోజుల చొప్పున 12 సార్లు వేస్తే వచ్చేది 336 రోజులే, సంవత్సరం గడవాలంటే 13 సార్లు వేయాలి. 28 రోజుల ప్లాన్, 30 రోజుల ప్లాన్ ఒకే ధరకి ఉంటే మొదటిది రోజుకి 7 శాతం ఎక్కువ పడుతుంది. అలాగే "మూడు నెలలు" అనిపించేది నిజానికి 84 రోజులు అయ్యుంటుంది, 90 కాదు. కాబట్టి ఏ ప్లాన్ చూసినా ధరని రోజులతో భాగించండి. రోజుకి ఎంత పడుతోంది అన్న అంకె రాసుకుంటే, వేర్వేరు కంపెనీల వేర్వేరు వ్యాలిడిటీల ప్లాన్లు ఒక్కసారిగా పోల్చుకోవడానికి వీలుగా మారతాయి. ధరలో పన్ను కలిసి ఉందో లేదో, రీచార్జ్ చేసే యాప్ విడిగా ఫీజు వేస్తోందో కూడా చూసి, చివరికి మీ జేబులోంచి పోయే మొత్తాన్నే భాగించండి.

తర్వాత డేటా ఎలా ఇస్తున్నారు అన్నది. రోజుకి ఇంత అని ఇచ్చేవి ఒక రకం, మొత్తం ఒకేసారి ఇచ్చి వ్యాలిడిటీ లోపల ఎప్పుడైనా వాడుకోమనేవి ఇంకో రకం. రోజుకి 1.5 జీబీ అంటే 28 రోజులకి 42 జీబీ, వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ ఒక మనిషి పనిరోజుల్లో అంతా వైఫై మీదే ఉండి రోజుకి 300 ఎంబీ వాడి, ఆదివారం బయట తిరుగుతూ 3 జీబీ వాడతాడనుకోండి. వారంలో ఆరు రోజులు జీబీ పైన డేటా అర్ధరాత్రికి మురిగిపోతుంది, ఆదివారం మాత్రం మధ్యాహ్నానికే అయిపోయి అదనపు ప్యాక్ కొనాల్సి వస్తుంది. 28 రోజులకి అతని అసలు వాడకం 20 జీబీ కూడా దాటదు. ఇలాంటి వాళ్ళకి 42 జీబీ డైలీ ప్లాన్ కంటే 20, 25 జీబీ మొత్తంగా ఇచ్చే ప్లానే మేలు. రోజూ ఒకే తీరుగా, బస్సులోనో రైల్లోనో గంటల తరబడి వీడియోలు చూసేవాళ్ళకి మాత్రం డైలీ ప్లాన్ బాగానే పనికొస్తుంది. మిగిలిన డేటా వచ్చే సైకిల్‌కి కలిసే ప్లాన్లు కూడా కొన్ని ఉంటాయి, అయితే వ్యాలిడిటీ అయిపోయేలోపు మళ్ళీ రీచార్జ్ చేస్తేనే కలుస్తుంది అన్న షరతు చాలాసార్లు ఉంటుంది, అది చదవండి.

"అన్‌లిమిటెడ్" అన్న మాట కనబడితే ఆగి చిన్న అక్షరాలు చదవాల్సిందే. ఇందులో నాకు నిజంగా కోపం తెప్పించే విషయం ఏంటంటే, ఆ మాటని అంత పెద్దగా రాసి, దాని హద్దుని అంత చిన్నగా రాయడం. మామూలుగా జరిగేది ఇది: ఒక పరిమితి దాకా పూర్తి స్పీడ్, ఆ తర్వాత 64 కేబీపీఎస్‌కో 128కో పడిపోతుంది. 64 కేబీపీఎస్ అంటే 1 ఎంబీ రావడానికి రెండు నిమిషాలు పైనే, మీ ఫ్రెండ్ పంపిన 3 ఎంబీ ఫోటో తెరుచుకోవడానికి ఆరు నిమిషాలు. అది అన్‌లిమిటెడ్ డేటా అనడానికి లేదు, టెక్స్ట్ మెసేజీలు మాత్రం వెళ్తాయి అంతే. పరిమితి దాటాక 1 ఎంబీపీఎస్ ఇచ్చే ప్లాన్ ఉంటే అది వేరే సంగతి, దానిమీద పాటలు, మ్యాప్‌లు, తక్కువ క్వాలిటీ వీడియో నడిచిపోతాయి. కాబట్టి "పరిమితి ఎంత, దాటాక స్పీడ్ ఎంత" అన్న రెండు ప్రశ్నలకీ జవాబు దొరక్కుండా అన్‌లిమిటెడ్‌కి డబ్బు కట్టకండి. ల్యాప్‌టాప్‌కి హాట్‌స్పాట్ ఇచ్చేవాళ్ళు ఇంకో ప్రశ్న కూడా కలుపుకోండి, ఎందుకంటే హాట్‌స్పాట్‌కి విడిగా తక్కువ పరిమితి పెట్టే ప్లాన్లు, అసలు ఒప్పుకోని ప్లాన్లు కూడా ఉన్నాయి.

ఎంత చవకైనా మీరుండే చోట సిగ్నల్ లేకపోతే ఆ డబ్బు దండగే. కవరేజ్ మ్యాప్‌లు ఆరుబయట ఉన్న అంచనా చూపిస్తాయి, మీ బెడ్‌రూమ్‌లో, ఆఫీసు లిఫ్ట్ పక్కన, రోజూ వెళ్ళే దారిలో ఎలా ఉంటుందో చెప్పవు. ఆ కంపెనీ సిమ్ ఉన్నవాళ్ళెవరైనా మీ ఇంటికి వచ్చినప్పుడు వాళ్ళ ఫోన్‌లో స్పీడ్ చూడండి, సాయంత్రం రద్దీ వేళలో చూస్తే ఇంకా మంచిది. మీ ఫోన్ ఈసిమ్‌ని (ప్లాస్టిక్ కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్) సపోర్ట్ చేస్తే, అన్నిటికంటే చిన్న ప్లాన్ ఒకటి తీసుకుని పాత నంబర్ అలాగే ఉంచి కొన్నాళ్ళు రెండూ నడిపి చూడొచ్చు.

సొంత టవర్లు లేకుండా పెద్ద కంపెనీల నెట్‌వర్క్‌ని టోకున కొని అమ్మే చిన్న బ్రాండ్లు చాలా దేశాల్లో ఉన్నాయి, వాటిని ఎంవీఎన్‌ఓలు అంటారు. సిగ్నల్ అదే టవర్ నుంచి వస్తుంది, ధర మాత్రం చాలాసార్లు తక్కువ. కొంతమంది పేరు తెలియని బ్రాండ్ అని భయపడతారు కానీ, నా ఉద్దేశంలో తక్కువ వాడకం ఉన్నవాళ్ళు ముందు చూడాల్సింది వీటినే. కాకపోతే టవర్ మీద రద్దీ పెరిగినప్పుడు సొంత కస్టమర్లకి ముందు వరస, ఎంవీఎన్‌ఓ కస్టమర్లకి వెనక వరస ఇచ్చే ఏర్పాటు కొన్నిచోట్ల ఉంటుంది, అలాంటప్పుడు సిగ్నల్ బార్లు నిండుగా ఉన్నా నెట్ కదలదు. వైఫై కాలింగ్, రోమింగ్ లాంటివి కూడా అన్నిట్లో ఉండవు.

ఫోన్ గురించి రెండు మాటలు. ఫోన్ ఒక కంపెనీకి లాక్ అయ్యుంటే వేరే సిమ్ పనిచేయదు, ఐఫోన్‌లో అయితే జనరల్ కింద అబౌట్‌లో "సిమ్ పరిమితులు లేవు" అని ఉందో లేదో చూడండి. పాత 3జీ నెట్‌వర్క్‌లు మూసేసిన చోట్ల కాల్స్ కూడా 4జీ మీదే, అంటే వోల్టీ మీద నడవాలి, కాబట్టి మీ మోడల్‌కి ఆ కంపెనీలో వోల్టీ పనిచేస్తుందో లేదో ముందే కనుక్కోండి. *#06# నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ నంబర్‌తో కొన్ని కంపెనీల సైట్లలో ఇది చెక్ చేసుకోవచ్చు.

సంవత్సరం ప్లాన్ రోజు లెక్కన చవగ్గానే పడుతుంది, కానీ ఆ కంపెనీని ఏడాదిపాటు వదలను అనుకుంటేనే వేయండి. మధ్యలో పోర్ట్ అయితే, అంటే అదే నంబర్‌తో వేరే కంపెనీకి మారితే, మిగిలిన వ్యాలిడిటీ, బ్యాలెన్స్ మామూలుగా మీతో రావు. కొత్త సిమ్ అయితే మొదట చిన్న ప్లాన్, కొన్నాళ్ళు బాగుందనిపిస్తే అప్పుడు పెద్దది. మొదటి నెలకే వర్తించే ఆఫర్ ధర చూసి ఏడాది లెక్క వేయకండి, రెండో రీచార్జ్ ఎంతో అడగండి. ప్లాన్‌తో పాటు ఇచ్చే ఓటీటీ సబ్‌స్క్రిప్షన్‌కి మీరు విడిగా డబ్బు కట్టి చూసేవాళ్ళయితేనే విలువ కట్టండి, అది కూడా మొబైల్ స్క్రీన్‌కే పరిమితమో, టీవీలో కూడా వస్తుందో చూసి. చూడని ఓటీటీ ఉచితం కాదు, దాని ఖర్చు ప్లాన్ ధరలోనే ఉంది.

ఇంట్లో అందరికీ ఒకే ప్లాన్ వేయడం ఇంకో అలవాటు. ఇంట్లోనే వైఫైలో ఉండి కాల్స్ మాత్రం మాట్లాడే అమ్మకో నాన్నకో రోజుకి 2 జీబీ ఎందుకు? వాళ్ళకి కాల్స్ ఎక్కువ, డేటా తక్కువ ఉన్న ప్లాన్ వెతకండి, అది యాప్‌లో అట్టడుగున ఎక్కడో ఉంటుంది, అన్ని ట్యాబ్‌లూ తెరిచి చూడాలి. రెండో సిమ్‌కైతే నంబర్ బతికుండడానికి కావాల్సిన కనీస రీచార్జ్ ఏదో కనుక్కుని అదే వేయండి, కానీ అసలు వేయకుండా మాత్రం వదిలేయొద్దు. గడువు దాటి కొన్నాళ్ళకి నంబర్ రద్దయి వేరేవాళ్ళకి వెళ్ళిపోవచ్చు, దానికి లింక్ అయిన మీ బ్యాంకు ఓటీపీలు వాళ్ళకి వెళ్తే ఆ టెన్షన్ ముందు మిగిల్చిన డబ్బు ఏపాటిది.

చివరికి మారదామని తేలిందా, అయితే నంబర్ పోర్ట్ పూర్తయ్యేదాకా పాత సిమ్‌ని రద్దు చేయకండి, రద్దయిన నంబర్‌ని మామూలుగా పోర్ట్ చేయలేరు. పాత వ్యాలిడిటీ అయిపోవడానికి కొద్ది రోజుల ముందు అప్లై చేస్తే ఎక్కువ వృథా కాదు. మార్పు జరిగే కొన్ని గంటలు కాల్స్, ఓటీపీలు రాకపోవచ్చు, కాబట్టి ఆ రోజు ముఖ్యమైన పేమెంట్లు పెట్టుకోకండి. కొత్త సిమ్ పనిచేయడం మొదలయ్యాక పాత కంపెనీ యాప్‌లోకి వెళ్ళి, లాగిన్ ఇంకా పనిచేస్తుండగానే, ఆటో రీచార్జ్ ఆపి, సేవ్ చేసిన కార్డు తీసేయండి.