హాట్ రాడ్ కట్టాలంటే ముందు సీటు వేసుకుని కూర్చోండి

హాట్ రాడ్ అంటే పాత కారుని విప్పి, మార్చి, బలమైన ఇంజన్ పెట్టి మళ్లీ కట్టుకున్న బండి. నా మొదటి హాట్ రాడ్‌కి నేను ముందుగా కొన్నది ఇంజన్. ఆ తర్వాత కొన్నవి క్రోమ్ వాల్వ్ కవర్లు. అప్పటికి బాడీ లేదు, ఫ్రేమ్ లేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. రెండేళ్లపాటు ఆ ఇంజన్ పాత దుప్పటి కప్పుకుని గరాజ్ మూలన పడి ఉంది. తీరా బండి తయారయ్యాక, కూడలిలో ఆగితే నాకు సిగ్నల్ లైటు కనపడలేదు! అందం కోసం పైకప్పు నాలుగు అంగుళాలు కోసి కిందికి దించాను, నేనేమో ఆరడుగుల మనిషిని. డాష్‌బోర్డ్ మీద అతికించుకునే చిన్న ప్రిజం ముక్క ఒకటి దొరుకుతుంది, అందులోంచి లైటు చూసుకోవచ్చు. మూడేళ్లు అలాగే నడిపాను. మెడనొప్పికి మాత్రం ఏ ప్రిజమూ దొరకలేదు.

రెండో బండిని సీటుతో మొదలుపెట్టాను. మీకు చెప్పబోయేది ఆ వరుసే.

ముందు కాగితాల సంగతి రెండు ముక్కల్లో. ఫోర్డ్ మోడల్ ఏ, 1932 ఫోర్డ్ లాంటి పాత బండ్లలో గుర్తింపు నంబరు ఫ్రేమ్ మీద కొట్టి ఉంటుంది, బాడీ మీద కాదు. ఎవరైనా తుప్పు పట్టిన బాడీ, దాంతోపాటు ఒక టైటిల్ కాగితం (బండి యాజమాన్య పత్రం) అమ్ముతుంటే ఆ నంబరు ఏ ఫ్రేమ్‌దో అడగండి. మడ్‌గార్డులు లేకుండా తిరగొచ్చా, బంపర్ తప్పనిసరా అన్నది అమెరికాలో ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది. రంపం పట్టుకోకముందే మీ రాష్ట్రం డీఎంవీలో, అంటే బండ్లు రిజిస్టర్ చేసే ఆఫీసులో, కనుక్కోండి.

ఇక అభిరుచి. 1930లలో దక్షిణ కాలిఫోర్నియా కుర్రాళ్లు మురాక్ లాంటి ఎండిన సరస్సుల మీద పాత ఫోర్డ్‌లను తోలేవాళ్లు. బరువు తగ్గాలని మడ్‌గార్డులు పీకేశారు. గాలి తక్కువ తగలాలని పైకప్పు కోశారు. ఇవాళ మనం ‘స్టైల్’ అంటున్నదంతా ఒకప్పుడు ఏదో ఒక అవసరం. ఏ మార్పు చేసేముందైనా అది నాకెందుకు అని మిమ్మల్ని మీరే ఒకసారి అడగండి. 1932లో ఫోర్డ్ వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) వచ్చింది, 221 ఘనపు అంగుళాలు, 65 హార్స్‌పవర్. ఆ ఏడాది ఫ్రేమ్‌కి ఇంకో సుగుణం ఉంది: దాని పక్క పట్టీలు బయటికి కనపడేలా, అందంగా గీత దిద్ది చేశారు. మోడల్ ఏ ఫ్రేమ్‌ని రేకు కప్పేస్తుంది కాబట్టి ఆ సోకు దానికి పెట్టలేదు. మడ్‌గార్డులు తీసేస్తే ఫ్రేమ్ బయటపడుతుంది. అందుకే మోడల్ ఏ బాడీని 1932 ఫ్రేమ్ మీద కూర్చోబెట్టడం ఇన్నేళ్లుగా నడుస్తోంది. నా రెండో బండీ అదే: 1931 మోడల్ ఏ కూపే (రెండు తలుపుల) బాడీ, 1932 తరహా కొత్త ఫ్రేమ్.

ఫ్రేమ్‌ని స్టాండ్ల మీద రసమట్టం పెట్టి సమంగా నిలపండి. బాడీ దాని మీద దించి, తలుపులు బిగించి, సందులు సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. తలుపు ఇప్పుడు పట్టకపోతే వెల్డింగ్ అయ్యాక అసలే పట్టదు. నేల మీద ప్లైవుడ్ ముక్క వేసి, కొనాలనుకున్న సీటు పెట్టి, చీపురుకర్రకి స్టీరింగ్ చక్రం తగిలించి కూర్చోండి. అయిదు నిమిషాలు కాదు, గంట. రేడియో పెట్టుకోండి. మోకాలు ఎక్కడ తగులుతోంది? మోచేయి తలుపుకి కొట్టుకుంటోందా? పెడల్ రావాల్సిన చోట చెక్కముక్క పెట్టి తొక్కి చూడండి. ఇంట్లోవాళ్లని పక్కన కూర్చోబెట్టండి, వాళ్లు మొహమాటపడరు.

పైకప్పు కోయాలని ఉంటే రంపం తర్వాత. ముందు అద్దం ఉండే చోట పైనుంచి రెండు అంగుళాల మేర మాస్కింగ్ టేప్ అడ్డంగా వేసి కూర్చోండి. తర్వాత మూడు, ఆ తర్వాత నాలుగు. మీ కన్ను ఎక్కడ ఇబ్బంది పడిందో అక్కడినుంచి ఒక అంగుళం వెనక్కి రండి. నాకు రెండున్నర దగ్గర తేలింది. కోసేరోజు ముందు బాడీ లోపల గొట్టాలతో అడ్డంగా, ఏటవాలుగా ఆపులు వెల్డ్ చేయకపోతే పైకప్పు తీయగానే మిగతాదంతా విచ్చుకుపోతుంది. మోడల్ ఏ కూపే స్తంభాలు దాదాపు నిటారుగా ఉంటాయి కాబట్టి పని కొంత సులువు. తర్వాతి ఏళ్ల బండ్లలో స్తంభాలు వాలుగా ఉంటాయి, కిందికి దించిన పైకప్పు వాటితో కలవదు, దాన్ని మళ్లీ కోసి సాగదీయాలి. అతికేటప్పుడు ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క పెడుతూ, మధ్యలో చల్లారనిస్తూ వెళ్లండి. ఒకే గీతగా లాగితే రేకు అప్పడంలా ముడుచుకుంటుంది.

బాడీని ఫ్రేమ్ మీదికి ఇంకా కిందికి దించే ‘చానలింగ్’ మీద నాకు మోజు పోయింది. బాడీ దిగినంత మేరా నేల లోపలికి పైకొస్తుంది. అప్పుడు కాళ్లు బారజాపి కూర్చోవాలి. బండి ఎత్తు తగ్గాలంటే యాక్సిల్‌తో, స్ప్రింగ్‌తో తగ్గించుకోండి.

నిలబడే తీరు టైర్లతో వస్తుంది. వెనక పెద్దవి, ముందు చిన్నవి, ముక్కు కొంచెం కిందికి. నాకు ముందు 26, వెనక 29 అంగుళాల ఎత్తు కుదిరింది. కొనకముందు అవే కొలతల్లో అట్ట చక్రాలు కోసి పెట్టి, ఇరవై అడుగులు వెనక్కి జరిగి, మోకాళ్ల మీద కూర్చుని చూడండి. ఎత్తు ఖాయమయ్యాక దారం తీసుకోండి: ఒక చక్రం రిమ్ము అడుగు నుంచి ఎదుటి టైరు నేలకి ఆనే చోటుకి ఒకటి, అటునుంచి ఇటు ఇంకొకటి. ఆ దారాల కిందికి ఏ భాగమూ వేలాడకూడదు. టైరులో గాలి పోయిన రోజున రోడ్డుకి రాసుకునేది అదే అవుతుంది. నా మొదటి బండిలో ఆయిల్ పాన్ (ఇంజన్ అడుగున నూనె ఉండే తొట్టి) దారం కంటే కింద ఉండేది. ఏ దేవుడో కాపాడాడు.

ఇప్పుడు ఇంజన్, ఇంతకుముందు కాదు. ఎందుకంటే ముక్కు ఎంత వాలిందో తేలనిదే ఇంజన్‌ని ఏ కోణంలో కూర్చోబెట్టాలో తెలియదు. మామూలుగా వెనక్కి మూడు డిగ్రీలు వాల్చి, వెనక యాక్సిల్ పినియన్‌ని (డ్రైవ్‌షాఫ్ట్ వచ్చి తగిలే గేరుని) అదే మూడు డిగ్రీలు పైకెత్తుతారు. రెండు గీతలూ సమాంతరంగా ఉంటే డ్రైవ్‌షాఫ్ట్ వణకదు. చిన్న షెవ్రొలే వీ8కి డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకి కరెంటు పంచేది) వెనక ఉంటుంది, కాబట్టి ఇంజన్‌కీ మనకీ మధ్య గోడ అయిన ఫైర్‌వాల్‌ని లోపలికి గుంట కొట్టాల్సి రావచ్చు. ఫోర్డ్ 302 వీ8కి అది ముందు ఉంటుంది, వెనక చోటు కలిసొస్తుంది. కానీ దాని ఆయిల్ గుంట ముందువైపు ఉండే రకం క్రాస్‌మెంబర్‌కి (ఫ్రేమ్ అడ్డ పట్టీకి) తగులుతుంది. రెండిట్లో ఏదైనా మీ ఇష్టం, కొలత టేపు మాత్రం పట్టుకెళ్లండి.

గేర్ల లెక్క కూడా కాగితం మీదే తేల్చుకోండి. గంటకి మైళ్లు ఇంటూ యాక్సిల్ నిష్పత్తి ఇంటూ 336, దాన్ని అంగుళాల్లో టైరు ఎత్తుతో భాగించండి. 65 మైళ్లు, 3.70 యాక్సిల్, 29 అంగుళాల టైరు అయితే ఇంజన్ నిమిషానికి సుమారు 2,790 చుట్లు తిరుగుతుంది. ఇంజన్ వేగం తగ్గించే 0.7 ఓవర్‌డ్రైవ్ గేరు ఉంటే 1,950కి దిగుతుంది. మొదటిది చెవులు గింగిర్లెత్తే ప్రయాణం, రెండోది పక్కవాళ్లతో మాట్లాడుకోగల ప్రయాణం.

స్టీరింగ్, బ్రేకుల దగ్గర మాత్రం మన అభిరుచికి పని లేదు. సూటి యాక్సిల్‌కి కాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు పైభాగం వెనక్కి వాలిన కోణం) 5 నుంచి 7 డిగ్రీలు ఉంచండి. అడ్డంగా ఉండే ఒకే స్ప్రింగ్ వేసి, స్టీరింగ్ రాడ్ కూడా అడ్డంగా పెడితే యాక్సిల్‌ని పక్కకి కదలకుండా ఫ్రేమ్‌కి కట్టిపట్టే పాన్‌హార్డ్ బార్ వేయాల్సిందే. లేకపోతే చక్రాలకి బదులు బాడీ పక్కకి ఊగుతుంది. తొక్కే బలాన్ని పెంచే బూస్టర్ లేని బ్రేక్ పెడల్‌కి ఆరుకి ఒకటి నిష్పత్తి కావాలి: పెడల్ అడుగుపలక నుంచి ఇరుసు దాకా 12 అంగుళాలైతే, ఇరుసు నుంచి పుష్‌రాడ్‌కి 2. బ్రేక్ ద్రవాన్ని నెట్టే మాస్టర్ సిలిండర్ నేల కింద ఉంటే ద్రవం వెనక్కి జారిపోకుండా చిన్న వాల్వులు పెడతారు, డిస్కులకి 2 పీఎస్ఐ (ఒత్తిడి కొలత), డ్రమ్ములకి 10. స్టీరింగ్ భాగాల మీద వెల్డింగ్ నేను చేయను. చేయి తిరిగిన సర్టిఫైడ్ మనిషికి ఇచ్చేస్తాను.

వైరింగ్‌లో సగం రోగాలకి మందు మంచి ఎర్త్: బ్యాటరీ నుంచి ఇంజన్‌కి, ఇంజన్ నుంచి ఫ్రేమ్‌కి, ఫ్రేమ్ నుంచి బాడీకి లావుపాటి తీగలు, రంగు గీకేసిన లోహం మీద. రేడియేటర్ ఫ్యాన్ చుట్టూ తొడుగు పెట్టండి.

రంగు వేయొద్దు, ఇంకా. పచ్చి రేకుతోనే 500 మైళ్లు తిప్పండి. వానలో వద్దు. డాష్‌బోర్డ్ మీద ఒక మాస్కింగ్ టేప్ పట్టీ, పక్కన పెన్సిల్. విసిగించిన ప్రతిదీ ఆగిన చోట రాయండి. నా పట్టీలో మొదటి వారం ఇరవై పైచిలుకు చేరాయి: యాక్సిలరేటర్ మరీ నిటారుగా ఉంది, అద్దం వణుకుతోంది, ఎడమ బూటు క్లచ్‌కి పట్టుకుంటోంది. కొత్త రంధ్రాలు, బ్రాకెట్లు అన్నీ ఇప్పుడే. ఆ పట్టీలో కొత్త పద్దులు ఆగిపోయాకే బండి మొత్తం విప్పి రంగుకి పంపండి. నున్నటి నలుపు మీద మనసుంటే రేకు పని ఇంకో నెల ఎక్కువ పడుతుందని ముందే అనుకోండి. నలుపులో ప్రతి సొట్టా అద్దంలో మొహంలా కనపడుతుంది. నేను మట్టిరంగు మ్యాట్ వేయించాను. ఆ టేప్ పట్టీ ఇంకా గరాజ్ గోడకి అతికించే ఉంది, సీటు గురించి అందులో ఒక్క మాటా లేదు.