లీవ్స్‌డెన్‌లో హ్యారీ పాటర్ సెట్లు చూడాలంటే

వార్నర్ బ్రదర్స్ స్టూడియో టూర్ లండన్ అని పేరులో లండన్ ఉంది గానీ హ్యారీ పాటర్ స్టూడియో ఉన్నది లండన్‌లో కాదు. ఊరికి వాయవ్యంగా, వాట్‌ఫర్డ్ పక్కన లీవ్స్‌డెన్‌లో ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అది విమానాల కార్ఖానా. తర్వాత స్టూడియో అయింది. 2000 నుంచి పదేళ్ళపాటు ఎనిమిది సినిమాలకూ అదే స్థావరం. 2012 మార్చి 31 నుంచి జనాన్ని లోపలికి రానిస్తున్నారు.

బయలుదేరే ముందే పిల్లలకు చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇక్కడ రైడ్లు లేవు. ఓర్లాండో, ఒసాకాల్లో ఉన్నవి థీమ్ పార్కులు. ఇది సినిమాకు వాడిన అసలు సెట్లు, దుస్తులు, సామాన్లు దాచిపెట్టిన చోటు. రామోజీ ఫిల్మ్ సిటీలోలా బస్సెక్కించి తిప్పరు, అంతా నడకే. రోలర్‌కోస్టర్ ఉంటుందనుకుని వచ్చిన పిల్లలు గంటలో మొహం వేలాడేస్తారు. సినిమాలు ఒక్కటీ చూడని పెద్దవాళ్ళకు మొదటి రెండు భాగాలైనా చూపించి తీసుకెళ్ళండి. లోపలి బోర్డులన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. డబ్బు కట్టి తీసుకునే ఆడియో గైడులోనూ తెలుగు లేదు.

టికెట్

గేటు దగ్గర టికెట్ అమ్మరు. తేదీ, గంటతో ముందే కొనాలి. బడి సెలవుల్లో, క్రిస్మస్ రోజుల్లో నెలల ముందే అయిపోతాయి. పెద్దవాళ్ళకు మనిషికి 50 పౌండ్ల పైనే అవుతుంది. 5 నుంచి 15 ఏళ్ళవాళ్ళకు పిల్లల ధర. అయిదేళ్ళు నిండనివాళ్ళకు డబ్బు లేదు గానీ వాళ్ళకూ టికెట్ ఉండాలి. బుకింగ్‌లో ఆ చంటివాణ్ణి చేర్చడం మరిచిపోయేవాళ్ళు చాలామందే.

ఇండియా నుంచి అమ్మానాన్నల్ని రప్పించేవాళ్ళు వరస తప్పకండి. ముందు వీసా, తర్వాత విమానం, ఆ తర్వాతే స్టూడియో టికెట్. వీసా ఆలస్యమైతే కట్టిన డబ్బు వెనక్కి రావడం కష్టం. ఈలోగా కావలసిన తేదీలు అయిపోతే కంగారుపడొద్దు, రోజూ పొద్దున ఒకసారి సైటు చూస్తుండండి. ఒకటీ రెండూ టికెట్లు మళ్ళీ కనబడుతుంటాయి. అయిదుగురికి ఒకే గంటకు దొరక్కపోతే ఇద్దరూ ముగ్గురుగా విడిపోయి, పక్కపక్క గంటల్లో తీసుకోండి. లోపల ఎంతసేపైనా ఉండొచ్చు కాబట్టి ముందు వెళ్ళినవాళ్ళు ఆగితే సరిపోతుంది. అదీ కుదరకపోతే లండన్ నుంచి బస్సుతో కలిపి అమ్మే ప్యాకేజీలున్నాయి. ధర ఎక్కువ, పైగా తిరిగి రావాల్సిన గంట వాళ్ళ చేతిలో ఉంటుంది. అభిమానులకు అది నప్పదు.

పది, పదకొండు మధ్య గంట తీసుకోండి. మామూలుగా చూసేవాళ్ళకు మూడున్నర గంటలు పడుతుంది. ప్రతి బోర్డూ చదివేవాళ్ళకు అయిదు. సాయంత్రం నాలుగింటి టికెట్ తీసుకుంటే మూసే వేళ తరుముకొస్తుంది. ఇండియా నుంచి కొత్తగా దిగినవాళ్ళ ఒంటికైతే ఆ సాయంత్రం నాలుగు ఎండాకాలంలో రాత్రి ఎనిమిదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర. విమానం దిగిన రోజు మాత్రం అసలు పెట్టుకోవద్దు. మూడో రోజు పొద్దున మేలు. ఎలాగూ తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చేస్తుంది.

నవంబరు సగం నుంచి జనవరి దాకా సెట్ల మీద మంచు పరుస్తారు, హాగ్వార్ట్స్ అనే మాయల బడి భోజనశాల గ్రేట్ హాల్‌ను పండగకు అలంకరిస్తారు. చూడ్డానికి బాగుంటుంది, జనం కూడా అంత ఎక్కువగానే ఉంటారు. ఒక్కసారే వెళ్ళగలిగేవాళ్ళు బడులు నడిచే రోజుల్లో మంగళ, బుధ, గురువారాలు ఎంచుకోవడం మంచిది.

రైలు

లండన్ యూస్టన్ స్టేషన్ నుంచి వాట్‌ఫర్డ్ జంక్షన్‌కు వెళ్ళాలి. దారి తప్పేది ఇక్కడే. వాట్‌ఫర్డ్ హై స్ట్రీట్ వేరు, లండన్ మెట్రోలోని మెట్రోపాలిటన్ లైన్‌లో వచ్చే వాట్‌ఫర్డ్ వేరు. స్టూడియో బస్సు దొరికేది జంక్షన్ దగ్గర. యూస్టన్ నుంచి లండన్ నార్త్‌వెస్టర్న్ వాళ్ళ వేగం రైలు దాదాపు 20 నిమిషాల్లో చేరుస్తుంది. ఓవర్‌గ్రౌండ్ అనే లోకల్ రైలు ఎక్కితే అన్ని స్టేషన్లలో ఆగుతూ 50 నిమిషాలు తీసుకుంటుంది. యూస్టన్‌లో ప్లాట్‌ఫారం నంబరు చివరి నిమిషాల్లో గానీ బోర్డు మీద పడదు. తల్లిదండ్రుల్ని బోర్డుకు దగ్గరగా నిలబెట్టండి.

లండన్ ప్రయాణాలకు డబ్బు వేసుకుని వాడే ఆయిస్టర్ కార్డు, బ్యాంకు కాంటాక్ట్‌లెస్ కార్డులు జంక్షన్ దాకా పనిచేస్తాయి. కాకపోతే మనిషికొక కార్డు ఉండాలి. ఒకే కార్డుతో నలుగుర్నీ లోపలికి పంపుదామంటే గేటు రెండోవాళ్ళ దగ్గరే ఆగిపోతుంది. ఒకరు ఫోన్‌తో, ఇంకొకరు కార్డుతో వెళ్ళొచ్చు. అయితే ఏ వస్తువుతో లోపలికి వెళ్ళారో దానితోనే బయటికి రావాలి, లేదంటే ఎక్కువ ఛార్జీ పడుతుంది.

స్టేషన్ బయట స్టూడియో పేరున్న బస్సు ఆగుతుంది. ఎక్కేటప్పుడు టికెట్ చూపించాలి. ప్రయాణం పావుగంట. మీ టికెట్ గంటకు 45 నిమిషాల ముందు జంక్షన్‌లో దిగి ఉండేట్టు లెక్క వేసుకోండి. కారులో వచ్చేవాళ్ళకు పార్కింగ్ ఉచితం.

లోపల

దారి ఒకవైపే సాగుతుంది. చిన్న సినిమా చూపించి, గుంపుగా గ్రేట్ హాల్‌లోకి వదులుతారు. తలెత్తి చూడగానే కొందరి ఉత్సాహం చల్లారిపోతుంది, ఎందుకంటే ఆకాశం కనిపించే ఆ పైకప్పు అక్కడ ఉండదు. దాన్ని సినిమాలో గ్రాఫిక్స్‌తో కలిపారు. తల దించి నేల చూడండి. అది నిజమైన యార్క్ రాయి. ఏళ్ళ తరబడి వందల మంది తొక్కినా నిలవాలని ప్రొడక్షన్ డిజైనర్ స్టూవర్ట్ క్రెయిగ్ రాయే వేయించాడు. గాలిలో తేలే కొవ్వొత్తులను మొదటి సినిమాలో తీగలతో నిజంగానే వేలాడదీశారు. మంటకు తీగలు తెగి కిందపడుతుంటే ఆ పని గ్రాఫిక్స్‌కు వదిలేశారు. విందులో కూడా ముందు నిజమైన తిండే పెట్టారు. లైట్ల వేడికి వాసన కొట్టడంతో తర్వాత చాలావరకు రెజిన్‌తో పోతపోసినవి వాడారు. హాల్‌లో ఉండనిచ్చేది కొద్ది నిమిషాలే. అందరూ ముందుకు, ఉపాధ్యాయుల బల్ల వైపు పరుగెడతారు. మీరు వెనక తలుపు దగ్గర ఆగితే ఫోటోకు నేల ఖాళీగా దొరుకుతుంది.

తర్వాతి పెద్ద హాల్లోనే అందరి కాలమూ హరించుకుపోతుంది. హ్యారీ జట్టు గ్రిఫిండోర్ అబ్బాయిల పడకగది, ప్రధానోపాధ్యాయుడు డంబుల్డోర్ గది, మంత్రపు మందుల తరగతి, భారీకాయుడు హాగ్రిడ్ గుడిసె వరసగా ఉంటాయి. మంచాల పొడవు చూడండి. మొదటి సినిమాకు పదకొండేళ్ళ పిల్లల కొలతకు చేసినవి అవి. నటులు ఎదిగిపోయాక మోకాళ్ళు ముడుచుకుని పడుకోవాల్సి వచ్చింది. డంబుల్డోర్ అలమరాల్లో తోలు అట్టలతో కనిపించే గ్రంథాల్లో చాలావరకు పాత టెలిఫోన్ డైరెక్టరీలు. హాగ్రిడ్ గుడిసెను పెద్దదీ చిన్నదీ రెండు కొలతల్లో కట్టారు. చిన్న గుడిసెలో నిలబడితే ఆయన రాక్షసుడంతవాడిగా కనిపిస్తాడు, పెద్దదాంట్లో పిల్లలు చిట్టివాళ్ళుగా కనిపిస్తారు.

ఈ హాలుకు గంటంబావు చాలు. ఇక్కడే రెండున్నర గంటలు గడిపేస్తే చివర ఉన్న మంచివన్నీ కాళ్ళనొప్పులతో చూడాల్సి వస్తుంది. మీరు చీపురు మీద ఎగురుతున్నట్టు తీసే వీడియోకు వరస ఎంతుందో చూసుకుని నిలబడండి. కాపీకి వేరే డబ్బు కట్టాలి.

చీకటి అడవిలో పెద్ద సాలీడు ఉంటుంది. చిన్నపిల్లలు జడుసుకుంటారనిపిస్తే ముందే సిబ్బందిని అడగండి, పక్కదారి చూపిస్తారు. ఆ తర్వాత సినిమాలో పిల్లల్ని హాగ్వార్ట్స్‌కు తీసుకెళ్ళే రైలు అసలు ఆవిరి ఇంజన్ వస్తుంది. అది 1937లో స్విండన్‌లో తయారైంది.

మధ్యలో ఆరుబయలు. మూడు డబుల్ డెక్కర్లను కలిపి చేసిన ఊదా రంగు నైట్ (Knight) బస్సు, హ్యారీ పెరిగిన ప్రివెట్ డ్రైవ్ ఇల్లు ఇక్కడే ఉంటాయి. కోటు బ్యాగులో పెట్టేసినవాళ్ళు వానకు దొరికిపోయేదీ ఇక్కడే. పదింటికి లోపలికెళ్ళినవాళ్ళు ఈ చోటుకు పన్నెండు లోపే చేరుకుని భోజనం చేసేయండి, తర్వాత కేఫ్ నిండిపోతుంది. శాకాహారం దొరుకుతుంది గానీ ఏది ఏదో అడిగి తీసుకోండి. సినిమాల్లో కనిపించే పానీయం బటర్‌బీర్‌లో మద్యం లేదు, పైన నురుగున్న బటర్‌స్కాచ్ సోడా లాంటిది. గొంతు పట్టేంత తీపి. ఇద్దరికి ఒక గ్లాసు చాలు. దాచుకునే మగ్గు తీసుకుంటే అక్కడే కడిగే కుళాయి ఉంది. కడక్కుండా బ్యాగులో వేస్తే సాయంత్రానికి లోపలంతా జిగురే.

గ్రింగాట్స్ బ్యాంకు, మాంత్రికుల బజారు వీధి డయాగన్ యాలీ ఆ తర్వాత. వీధిలో రాళ్ళు ఎగుడుదిగుడుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళ చెయ్యి పట్టుకోండి. మంత్రదండాల కొట్టులో దాదాపు 17,000 డబ్బాలు, ఒక్కోదాని మీద విడిగా అంటించిన చీటీ.

చివర ఒక గదినిండా హాగ్వార్ట్స్ కోట నమూనా. అసలు కొలతలో 24వ వంతు, మొదటి సినిమాకు 86 మంది కలిసి చేశారు. ఇందులో 2,500కు పైగా ఫైబర్ ఆప్టిక్ దీపాలున్నాయి. వెలుతురు పగటి నుంచి రాత్రికి మారుతూ ఉంటుంది. చాలామంది ఒక చుట్టు తిరిగి దుకాణంలోకి పరుగెడతారు. మీరు పైనుంచి ఒక చుట్టు, కిందనుంచి ఒక చుట్టు తిరగండి. రాత్రి పడ్డాక కిటికీల్లో దీపాలు వెలిగే సమయానికి కెమెరా సిద్ధంగా ఉంచుకోండి, ఫ్లాష్ ఆపేయండి.

దుకాణంలో మంత్రదండం డబ్బా అడుగుకు పైనే పొడవు. ఇండియా తీసుకెళ్ళేవాళ్ళు చెక్-ఇన్ పెట్టెలో అడ్డంగా పడుతుందో లేదో ముందే చూసుకోండి. శాకాహారులు మిఠాయి ప్యాకెట్ల వెనక జెలటిన్ అని ఉందేమో చదివి కొనండి.

తిరిగి యూస్టన్‌లో దిగాక ఓపికుంటే కింగ్స్ క్రాస్ పావుగంట నడక. అక్కడ సినిమాలోని తొమ్మిదీ ముప్పావు ప్లాట్‌ఫారం గుర్తుగా పెట్టిన, గోడలోకి సగం దూరిన ట్రాలీ దగ్గర మీ ఫోన్‌తో మీరు ఫోటో తీసుకుంటే డబ్బు తీసుకోరు. కాకపోతే సాయంత్రం అక్కడ పెద్ద వరస ఉంటుంది. పిల్లలు రైల్లో నిద్రపోయి ఉంటే దాన్ని మరుసటి రోజు పొద్దున్నకు వాయిదా వేయండి.