మాటల మూలాలు – 7వ పాఠం: ‘రిపీట్’లో ‘పీట్’ ఏమిటి?

పోయిన పాఠంలో ‘రీ’కి ‘మళ్ళీ’, ‘వెనక్కి’ అని రెండు అర్థాలున్నాయని చూశాం. ‘రివైజ్’ను విడగొట్టి చూడమన్నాను కదా. ‘రీ’ అంటే మళ్ళీ. మిగిలింది ‘చూడటం’ అనే లాటిన్ మాట. విజన్, విజిట్ దాని చుట్టాలే. కాబట్టి రివైజ్ అంటే మళ్ళీ చూడటం.

ఇవాళ్టి మాట రిపీట్. సినిమా నచ్చితే రిపీట్ ఆడియెన్స్ వస్తారు. రక్తపరీక్ష రిపోర్టులో అనుమానం ఉంటే టెస్ట్ రిపీట్ చేయమంటారు. మనమూ ‘మళ్ళీ చెప్పడం, మళ్ళీ చేయడం’ అని అర్థం రాసుకుని పేజీ తిప్పేస్తాం. ఈసారి అలా తిప్పకండి. ‘రీ’ తీసేస్తే ‘పీట్’ మిగులుతుంది. నిజానికి దానికి చెప్పడమనీ లేదు, చేయడమనీ లేదు.

దాని మూలం లాటిన్‌లోని ‘పెటెరే’. ఒకదాని వైపు వెళ్ళడం, దాని మీదికి దూకడం, దాన్ని కోరడం, అడగడం – ఇన్ని అర్థాలున్న క్రియ అది. దానికి ‘రీ’ చేరితే మళ్ళీ దాని దగ్గరికే వెళ్ళడం, తిరిగి ఇమ్మని అడగడం. పాత ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషులోకి వచ్చింది. ఆ పాత అర్థం పూర్తిగా పోలేదు. పొరపాటున కట్టిన డబ్బును తిరిగి రాబట్టుకోవడాన్ని స్కాట్లాండ్ చట్టంలో ఇప్పటికీ ‘రెపిటిషన్’ అనే అంటారు.

ఇప్పుడు చుట్టాలను వెతుకుదాం. మొదటిది పిటిషన్. తెలంగాణలో సోమవారం కలెక్టరేట్‌కు వెళ్ళి ప్రజావాణిలో నిలబడే పెద్దాయనను ఊహించుకోండి. చేతిలో నాలుగు మడతలు పెట్టిన అర్జీ. పోయిన సోమవారం కూడా అదే కాగితం తెచ్చాడు, మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోతున్నాయి. ఆయన ఒకచోటికి వెళ్ళి అడుగుతున్నాడు, అది పిటిషన్. మళ్ళీ వెళ్ళి మళ్ళీ అడుగుతున్నాడు, అది రిపీట్. ఈ రెండు మాటలూ ఒక్క మనిషిలో కనిపిస్తే ఇక మరిచిపోవడం ఉండదు.

కాంపిటీషన్‌లో ‘కామ్’ అంటే కలిసి. ఒకే ఉద్యోగం కోసం అందరూ ఒక్కసారే వెళ్ళడం. అపెటైట్ అంటే తిండి వైపు మనసు పోవడం. ఫిజిక్స్‌లో అభికేంద్ర బలాన్ని సెంట్రిపీటల్ అని చదువుకున్నాం, అంటే కేంద్రం వైపు వెళ్ళేది. న్యూటన్ పెట్టిన పేరు అది. 1687లో అచ్చయిన ఆయన పుస్తకం ప్రిన్సిపియాలో దాని నిర్వచనం ఉంది.

ఇంకొంచెం లోతుకు వెళ్దాం. ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. పెటెరే, సంస్కృతంలోని ‘పత్’ ధాతువు ఒక తల్లి పిల్లలు. పత్ అంటే ఎగరడం, పడటం. పతనం అందులోంచే వచ్చింది. పత్రం మొదట పక్షి రెక్క, తర్వాత ఆకు, ఆ తర్వాత రాసే కాగితం. ఎగిరేది పతంగం, హైదరాబాదులో సంక్రాంతికి ఎగరేసేది పతంగి. గ్రీకులో అదే మూలం ‘ప్టెరాన్’ అయింది, రెక్క అని అర్థం. హెలికాప్టర్ అనే మాట చివర ఉన్నది ఆ రెక్కే. మన పెద్దాయన చేతిలోని ‘పిటిషన్ పత్రం’లో రెండు మాటలూ, వేల ఏళ్ళ కిందట విడిపోయిన అక్కచెల్లెళ్ళు.

అయితే పోలిక కనబడగానే చుట్టరికం కలిపేయకూడదు. ‘పెటీ కేసు’లోని పెటీకి పిటిషన్‌తో సంబంధం లేదు. అది చిన్నది అనే అర్థమున్న ఫ్రెంచి మాట. గాలిపటం కూడా ఈ ఇంటిది కాదు. పటం అంటే బట్ట. అందుకే మూడు మెట్లు గుర్తుంచుకోండి: ముందు మాటను విడగొట్టండి, తర్వాత చుట్టాలను వెతకండి, చివరగా అర్థం అతుకుతుందో లేదో నిఘంటువులో సరిచూసుకోండి. మూడో మెట్టు మానేస్తే మొదటి రెండూ ఊహలే.

వాడుక గురించి రెండు మాటలు. క్రియలో ‘రిపీట్’ అని రెండో అక్షరాన్ని నొక్కి, సాగదీసి పలుకుతాం. నామవాచకంలో అది ‘రెపిటిషన్’ అవుతుంది, దీర్ఘం పోతుంది. ‘రిపీట్ ఎగైన్’ అనే అలవాటు మనలో చాలామందికి ఉంది. మళ్ళీ అన్నది ‘రీ’లోనే ఉంది కాబట్టి రెండోసారి చెప్పమనడానికి రిపీట్ ఒక్కటే చాలు. మూడోసారి అడుగుతుంటే మాత్రం ఎగైన్ చేర్చడం తప్పు కాదు.

వచ్చే పాఠానికి పని: ఇంపెటస్, కాంపిటెంట్, టెరోడాక్టిల్. వీటిలో పెటెరే వైపువి ఏవో, రెక్క వైపుది ఏదో విడదీయండి. కాంపిటెంట్ దగ్గర కాస్త ఆగి ఆలోచించాలి, కలిసి వెళ్ళడానికీ సమర్థతకూ లంకె ఏమిటని. తర్వాతి మాట రిహార్సల్. మన పద్యనాటకాల వాళ్ళు ఒద్దిక అంటారే, అదే. అందులో దుక్కి దున్నిన పొలంలో తిరిగే పళ్ళున్న పనిముట్టు ఒకటి దాగుంది, వెతికి పట్టుకోండి.